అజోవా అనని మాట

"ఇందులో తుపాకీ ఎప్పుడు పేలుతుంది?"

ఆదివారం పొద్దున్నే సెగుజ్జా పెళ్లాన్ని అడిగిన మాట అది. నల్వోగా వంటింటి ముందు చాప మీద కూర్చుని మతోకే అరటికాయలు చెక్కు తీస్తోంది. ఎదురుగా చెక్కపెట్టె మీద చిన్న టీవీలో సినిమా నడుస్తోంది, పక్కన నోటుపుస్తకం. అరటి జిగురు అంటిన వేళ్లతో కలం పట్టుకుంటే కాగితం అతుక్కుపోతుంది కాబట్టి ప్రతి మాటకీ ముందు చెయ్యి కొంగుకి తుడుచుకోవాలి. ఒక కాయ, ఒక మాట, ఒక తుడుపు.

"పేలదండీ. ఇది ప్రేమకథ. నవ్వుల సినిమా."

"మరి జనం ఎప్పుడు మేలుకుంటారు?" అని నవ్వి, తన మాటకి తనే ముచ్చటపడి, మొహం కడుక్కోవడానికి వెళ్లాడు.

న్యెండో ఊరి మార్కెట్టు వెనక వీడియో హాల్లో సెగుజ్జా వీజే. తెర పక్కన ఎత్తు స్టూలు ఎక్కి, మైకు పట్టుకుని, ఇంగ్లీషులో నడిచే సినిమాని అక్కడికక్కడే తమ లుగాండా భాషలో చెప్పడం అతని పని. గొంతు మంచిది, కాదనలేం. ఇంగ్లీషే అయిదో తరగతి దగ్గర ఆగిపోయింది. నల్వోగా పది దాకా చదివింది. అందుకని ప్రతి సినిమా ముందు ఆమె చూస్తుంది, పొయ్యికీ కూతురు నంటెజాకీ మధ్య రెండుసార్లు, మాట మాటా లుగాండాలో రాసిపెడుతుంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ పుస్తకాలతో ఒక ట్రంకుపెట్టె నిండింది. ఎవరైనా అడిగితే అతను, "నాకు పేర్లు గుర్తుండవు, మా ఆవిడ పేర్లు రాసిపెడుతుంది" అంటాడు. పేర్లట. విలన్ని చూసి హీరో "నీ ఎముకలకి సెలవులిచ్చేస్తా" అంటే హాలంతా బల్లలు బాదుతుంది కదా, ఆ మాట ఏ ఇంగ్లీషులోనూ లేదు. వేడి మూకుడు తగిలి చెయ్యి కాలిన మధ్యాహ్నం నల్వోగాకి తోచింది. హాలు బయట ఆమె చపాతీలు కాలుస్తుంటే మోటారుసైకిలు టాక్సీవాళ్లు వచ్చి ఆమె మాటలే ఆమెకి అప్పజెబుతారు. "నువ్వు వంటింట్లో ఉంటావు కాబట్టి తెలీదు గానీ వదినా, మీ ఆయన నాలుక మామూలుది కాదు" అంటారు. ఆమె చపాతీ తిరగేస్తుంది.

ఈ సినిమా ఘనా దేశంది. పదకొండు తుపాకుల సినిమాలతో పాటు కొసరుగా అద్దెకి వచ్చింది. పేరు 'నీ కంచం నువ్వు తెచ్చుకో'. అజోవా అని రొట్టెలమ్మే విధవరాలు. మరిదిని కట్టుకోమని చుట్టాలు ప్రాణం తోడేస్తుంటే, పనిలేని నాటకాలాయన క్వేసీని కాబోయే మొగుడిలా నటించమని తెచ్చుకుంటుంది. అతను బాగానే నటిస్తాడు, అంతకంటే బాగా తింటాడు. తిని తిని నిజంగానే ప్రేమలో పడతాడు. ఆరుసార్లు పెళ్లాడమని అడుగుతాడు. ఆరుసార్లూ ఆమె చెప్పే జవాబుల్లోనే ఉంది సినిమా అంతా. నిన్ను రాణిలా చూసుకుంటాను అంటాడు ఒకసారి. "మంచిదే, మరి రాణిగారి రొట్టెలు ఎవరు కాలుస్తారు?" అంటుంది, పిండి పిసకడం ఆపకుండా. నువ్వు లేకపోతే చచ్చిపోతాను అంటాడు ఇంకోసారి. "చచ్చేముందు ఆ గిన్నెలు కడిగి వెళ్లు." ఆఖరికి ఏడోసారి, వానలో తడుస్తూ, తను తిన్న రేకు కంచం తనే కడిగి చంకలో పెట్టుకుని వస్తాడు. అడుగుతాడు. అజోవా అతన్ని చూస్తుంది, కంచాన్ని చూస్తుంది, పిండి చేతులు దులుపుకుని చిన్నగా నవ్వుతుంది. అంతే, సినిమా అయిపోతుంది. ఏమీ అనదు.

నల్వోగా ఆ ముగింపు మూడుసార్లు వెనక్కి తిప్పి చూసింది. మతోకే అడుగంటింది. ఆ చివరి చోట నోటుపుస్తకంలో ఏమీ రాయకుండా అరపేజీ ఖాళీగా వదిలింది, పక్కన 'ఇక్కడ మాట్లాడొద్దు' అని రాసింది.

మధ్యాహ్నం మూడింటి ఆట. ఆమె రేకుగోడ ఇవతల పొయ్యి దగ్గర నిలబడింది. ఎక్కడ నవ్వు రావాలో ఆమెకి తెలుసు. మొదటి నవ్వు చోటు వచ్చింది. సెగుజ్జా గొంతు గంభీరంగా, "అలాగే సామీ, మీ దయ" అంది. తప్పు విన్నానేమో అనుకుంది. రాణి రొట్టెల చోటు వచ్చింది. "అలాగే సామీ, మీరెలా అంటే అలా." గిన్నెల చోట, "సామీ, అంత మాట అనకండి, నేనేమైపోను?" ఆఖర్న అజోవా ఏమీ అనని చోట కూడా అతను ఊరుకోలేదు. "అలాగే సామీ, ఏలుకోండి." లోపల ఒక్కడు నవ్వలేదు. నవ్వడానికేముంది, నవ్వు పుట్టే చోటల్లా మట్టి కప్పేశాడు. సగం ఆటలోనే మగాళ్లు ఆవలిస్తూ వచ్చి చపాతీలు కొనుక్కున్నారు. "నిద్రొచ్చే సినిమా" అన్నారు. అజోవాకి అక్కడితో న్యెండోలో ఆ పేరు పడిపోయింది.

"నేను రాసింది చదవలేదు మీరు" అంది ఇంటికొచ్చాక, మోకాళ్ల మీద కూర్చుని అతనికి కంచం అందిస్తూ.

"చదివాను. ఆడది అలా మాట్లాడితే ఎవడు వింటాడే? అలిసిపోయి వస్తారు పాపం. ఇంట్లో వినేది చాలదా?" అన్నాడు. వేరుశనగ పులుసు బాగుందని కూడా అన్నాడు.

అది కూడా మింగేసేదేమో. తొమ్మిదేళ్ల అలవాటు. కానీ సోమవారం కంపాలా నుంచి డిస్కుల వ్యాపారి వచ్చాడు. సెగుజ్జా గొంతుతో నెలలో పన్నెండు తుపాకుల సినిమాలు రికార్డు చేయించి జిల్లాలన్నిటికీ పంపుతాడట, అట్ట మీద వీజే సెగుజ్జా బొమ్మ వేస్తాడట. అంత తొందరగా ఎలా తయారవుతావయ్యా అని అడిగితే, "మా ఆవిడ కాస్త సాయం చేస్తుందిలెండి" అన్నాడు సెగుజ్జా. అప్పుడా వ్యాపారి, మోకరిల్లి టీ పోస్తున్న నల్వోగా వైపు తిరిగాడు. "ఏమ్మా, నెలకి పన్నెండంటే నీకు కుదురుతుందా?"

ఆమెని అలా ఎవరూ అడిగి ఎరగరు. పన్నెండంటే ఇరవై నాలుగు చూపులు, నెలంతా నిద్రుండదు, పిల్ల చదువు ఎవరు చూస్తారు, ఆ అట్ట మీద నా పేరు కూడా వేస్తారా, ఇన్ని మాటలు ఒక్కసారే నాలుక చివరికి వచ్చాయి. నోరు తెరిచింది.

"అలాగే అంటోంది" అన్నాడు సెగుజ్జా.

టీ ఒలకలేదు. కానీ ఆమె ఒంట్లో ఎక్కడో ఏదో లేచి నిలబడింది, మళ్లీ కూర్చోలేదు. ఈయన అజోవా మాటలొక్కటే కాదు, నా మాటలూ తొమ్మిదేళ్లుగా ఇలాగే మార్చి చెబుతున్నాడు అనుకుంది. పుట్టింటికి వెళ్లొస్తానని నేనంటే వాళ్లమ్మకి ఏమని చెప్పాడో. బడిలో టీచరు పని వచ్చినప్పుడు హెడ్మాస్టరుకి ఏమని చెప్పాడో. ఊళ్లో నా పేరు మీద ఎంతమందికి ఎన్ని 'అలాగే'లు ముట్టాయో. ఆ రాత్రీ మర్నాడూ ఆమె కాలు ఒకచోట నిలవలేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. చిక్కుళ్లలో ఉప్పు రెండుసార్లు వేసింది. కలం పట్టుకుంటే పక్కన పెట్టబుద్ధయింది, పెడితే పట్టుకోబుద్ధయింది.

"కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావేం?" అంది అత్తగారు. "ఒక చోట కూర్చో."

కూర్చోలేక మార్కెట్టుకి వెళ్లింది. అక్కడ బొగ్గులమ్మే నాలోంగో పట్టుకుంది. నాలోంగో అంటే కవలల తల్లి, ఊరంతా ఆవిణ్ని ఆ మర్యాద పేరుతోనే పిలుస్తుంది, ఆవిడా ఆ మర్యాదని బాగా వాడుకుంటుంది. "నంటెజా వాళ్లమ్మా, ఇలా రా. ఆదివారం హాలు పక్కన బస్తా దించుతూ తలుపులోంచి చూశాను. ఆ రొట్టెలావిడ నోరు అంతసేపు ఆడింది, మీ ఆయన మూడు ముక్కల్లో తేల్చేశాడు. మిగతాదంతా ఎక్కడికి పోయింది?"

నల్వోగాకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. బొగ్గుల బస్తా మీద కూర్చుని చెప్పింది. రాణి రొట్టెల దగ్గర నాలోంగో తొడ చరుచుకుంది. గిన్నెల దగ్గరికి వచ్చేసరికి ఎండుచేపలమ్మి, టమాటాలమ్మి కూడా బేరాలు వదిలేసి చేరారు.

"మాకు చూపించు" అంది నాలోంగో.

"ఆడవాళ్లు హాలుకి రారు కదండీ."

"మధ్యాహ్నం రారు. పొద్దున్న రారని ఎవరన్నారు?"

గురువారం సెగుజ్జా కంపాలా వెళ్తాడు, అద్దె డిస్కులు తిరిగి ఇచ్చి కొత్తవి తెస్తాడు. అజోవా అతని సంచిలో వెళ్లిపోతుంది. ఈ ఊరికి ఆమె నిద్రొచ్చే సినిమాగానే మిగిలిపోతుంది. గురువారం తొమ్మిదింటికి అతను స్నానానికి వెళ్లినప్పుడు నల్వోగా సంచి విప్పి, ఆ ఒక్క డిస్కు తీసి, ఖాళీ అట్ట యథాస్థానంలో పెట్టింది. కంపాలా చేరాక గానీ చూడడు. చూశాక ఏమంటాడో అప్పుడే ఆలోచించుకోవచ్చు.

హాలు తాళం ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది, రోజూ పల్లీ తొక్కలు ఊడ్చేది ఆమే కాబట్టి. పది గంటలకి ఆడవాళ్లు వచ్చారు. వీపున పిల్లలు, నెత్తిన బుట్టలు. మగాళ్ల బల్లల మీద కూర్చోవడానికి మొహమాటపడి, తర్వాత ఒకరినొకరు తోసుకుంటూ కూర్చున్నారు. వెనకే అత్తగారు కూడా వచ్చింది, ఆపడానికి. స్టూలు వైపు చూసి, "అది మగాడు కూర్చునేది. నీకు చాప లేదా?" అంది. నల్వోగా నిజంగానే చాప తెచ్చింది, పరిచింది కూడా. కానీ అక్కడికి మైకు తీగ అందలేదు, తెర కూడా వంకరగా కనబడింది. లేచి స్టూలు ఎక్కింది. చాప మీద అత్తగారు కూర్చుంది, ఎలాగూ పరిచి ఉంది కదా అని.

మొదటి పది మాటలు పుస్తకం చూసి చదివింది. తర్వాత అజోవా పిండి పిసకడం మొదలుపెట్టింది, నల్వోగా చేతులకి ఆ పని తెలుసు. "మరి రాణిగారి రొట్టెలు ఎవరు కాలుస్తారు?" అంది. హాలు విరగబడి నవ్వింది. చేపలావిడ వెనక నుంచి, "మా ఇంట్లో రాణి నేనే, చేపలు కడిగేదీ నేనే" అని అరిచింది. ఆ నవ్వు ఆగేదాకా సినిమా ఆపాల్సి వచ్చింది. గిన్నెల దగ్గర అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోయింది, ఊపిరి తీసుకుని, "ఆ ముక్క మళ్లీ వెయ్యి, అమ్మాయ్" అంది.

ఒక్క సంగతి నల్వోగా మర్చిపోయింది. జనాన్ని రప్పించడానికి హాలు కప్పు మీద పెద్ద బాకా స్పీకరు ఉంటుంది. లోపల మాట్లాడిందంతా మార్కెట్టుకి వినిపించేది అదే. దాన్ని ఆపడం సెగుజ్జా పని, ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు. గంటన్నరగా న్యెండో అంతా ఆమె గొంతు వింటోంది. చపాతీల కోసం వచ్చిన మోటారుసైకిళ్లవాళ్లు పొయ్యి చల్లగా ఉండటం చూసి కూడా కదల్లేదు, రేకుగోడకి చెవులు ఆనించి నవ్వుతున్నారు. టాక్సీ స్టాండు మార్కెట్టుకి ఆ పక్కనే. కంపాలా వ్యాను పద్నాలుగు సీట్లూ నిండితే గానీ బయల్దేరదు. పదకొండు నిండి, మిగతా మూడింటి కోసం ఎదురుచూస్తున్న ఆ వ్యానులో కునుకు తీసి అప్పుడే మేలుకున్న సెగుజ్జా ఆ గొంతు ఎవరిదా అని మొదట తల తిప్పాడు, తర్వాత సంచి విప్పాడు.

తలుపు తెరుచుకుని వెలుతురు పడింది. గుమ్మంలో అతను. చీకట్లో సగం హాలు అలవాటుగా బల్లల మీద నుంచి జారి మోకాళ్ల మీదికి దిగింది, మగాడు వస్తే దండం పెట్టాలి కదా. స్టూలు మీద నల్వోగా మోకాళ్లు కూడా వాటంతట అవే వంగబోయాయి. ఒక కాలు నేలకి దిగింది. తెర మీద వాన మొదలైంది, క్వేసీ కంచం చంకన పెట్టుకుని వస్తున్నాడు. ఇప్పుడు దిగితే ఈ మాట చెప్పేవాళ్లుండరు. ఆమె కాలు మళ్లీ పైకి లాక్కుంది.

"అడ్డు తప్పుకోరా, కనబడట్లేదు" అంది చాప మీద నుంచి అతని తల్లి.

సెగుజ్జా పక్కకి జరిగి గోడకి ఆనుకున్నాడు. క్వేసీ అడిగిన మాట నల్వోగా చెప్పింది, అతను అడిగినట్టే, కాస్త తడిగొంతుతో. తర్వాత మైకు నోటి దగ్గరే పెట్టుకుని ఊరుకుంది. అజోవా అతన్ని చూసింది. కంచాన్ని చూసింది. చేతులు దులుపుకుంది. నలభై మంది ఆడవాళ్లు, వీపు మీద పిల్లలతో సహా, చప్పుడు చెయ్యలేదు. బయట గోడకి ఆనుకున్న మగాళ్లూ చెయ్యలేదు. అజోవా నవ్వింది. తెర నల్లబడింది.

ఆ నిశ్శబ్దం సెగుజ్జాకి అలవాటు లేదు. అలాంటి ఖాళీని అతనెప్పుడూ ఏదో ఒక మాటతో పూడ్చేసేవాడు. కాసేపు తెర వైపు, కాసేపు భార్య వైపు చూశాడు. కోప్పడదామనే వచ్చి ఉంటాడు, కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"ఏమంది?" అన్నాడు.

నల్వోగా మైకు దించలేదు.

"ఏమీ అనలేదండీ. ఆదివారం మీరు ఆవిడ చేత అనిపించిన 'అలాగే', ఆవిడ అననే లేదు." మార్కెట్టంతా వినిపించేలా, మామూలు గొంతుతోనే చెప్పింది. "సోమవారం నేనూ అనలేదు."