కార్డులో రాని పేరు

హుస్నాబాద్ బస్టాండు ఎదుటి సందులో మమతారాణి డీటీపీ సెంటర్ పెట్టి తొమ్మిదేళ్లయింది. పెళ్లి పత్రికలు, అర్జీలు, బడి సంబరాల ఆహ్వానాలు, ఏవి వచ్చినా చేస్తుంది. అన్నిటికంటే దినాల కార్డులకే ఆమె ఎక్కువ జాగ్రత్త పడుతుంది. పెళ్లి పత్రికలో తప్పు పడితే నాలుగు మాటలని ఊరుకుంటారు. పోయిన మనిషి కార్డులో తప్పు పడితే ఆ ఇంటివాళ్లు ఎన్నేళ్లయినా మరిచిపోరు.

అందుకే ఆ సోమవారం పొద్దున వెంకటేశ్ కార్డు పట్టుకుని గుమ్మంలో నిలబడగానే ఆమె చేతిలో పని వదిలేసి లేచింది. మనిషి ముఖం కందగడ్డలా ఉంది. పవర్‌లూమ్ మీద పనిచేసే వెంకటేశ్ మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ఏంది చెల్లె గిది? మా అక్క పేరేది?"

కార్డు తీసుకుని చూసింది. పైన శంకరవ్వ ఫొటో, కింద దినాల తేదీ, తర్వాత ఇంటివాళ్ల పేర్లు. కొడుకు వెంకటేశ్, కోడలు మంజుల, మనుమరాలు సృజన. అంతే. అక్కడితో ఆగిపోయింది.

అంతకు నాలుగు రోజుల ముందు వెంకటేశ్ ఇదే కుర్చీలో కూర్చుని పేర్లు చెప్పాడు. అన్నీ అయ్యాక కాసేపు ఊరుకుని, "ఆఖర్న ఒక లైను వేరేగ పెట్టు చెల్లె. పెద్దక్షరాలల్ల. సేవ చేసిన బిడ్డ నర్మద అని" అన్నాడు. అట్లా ఎందుకు పెట్టమన్నాడో మమతారాణి అడగలేదు. ఆ కథ ఆమెకు కొంత తెలుసు. రెండేళ్ల కింద శంకరవ్వ జారిపడి తుంటి ఎముక విరిగితే, కరీంనగర్‌లో ఉండే కూతురు నర్మద ఆమెను తన ఇంటికి తీసుకుపోయింది. కాలు కాస్త కుదుటపడ్డాక వెంకటేశ్ తీసుకొస్తానంటే ఒప్పుకోలేదు. పొద్దంతా పవర్‌లూమ్ సాంచెల కాడ ఉండేవాడివి, ఎట్లా చూసుకుంటావని అడిగింది. మాట మాట పెరిగి, తమ్ముడు అక్క గడప తొక్కడం మానేశాడు. తల్లి చివరికి అక్కడే కన్నుమూసింది. శవాన్ని హుస్నాబాద్ తెచ్చిన రోజు అక్కా తమ్ముడూ చెరో పక్కన కూర్చుని ఏడ్చారు గాని ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

"నేను కొట్టిన గదన్నా. నువ్వు గూడ స్క్రీన్ మీద చూసినవ్."

"చూసిన. మరి ఏడ పోయింది? కార్డులు నేనే పోయి ప్రెస్సుల తెచ్చిన. అవ్వ ఫొటో చూసుకున్న, తేదీ చూసుకున్న, పంచిన. అక్కకు గూడ పంపిన. నిన్న ఫోన్ చేసింది. రెండేండ్లకు చేసింది చెల్లె. ఏమన్నదో తెలుసా? అవ్వతోని నన్ను గూడ కలిపి బొంద పెట్టినవ్ రా అన్నది. దినాలకు రానన్నది."

అతను గోడవైపు తిరిగాడు.

మమతారాణి గబగబా ఫైలు తెరిచింది. నర్మద పేరు ఉంది. పెద్ద అక్షరాల్లో, అన్నిటికంటే కింద, నిక్షేపంగా ఉంది. వెంకటేశ్ వంగి చూసి, చేతిలోని కార్డు చూసి, మళ్లీ స్క్రీన్ చూశాడు.

"గిండ్ల ఉన్నది మరి గండ్లెందుకు రాలే?"

కరీంనగర్‌లో ప్రెస్సు నడిపే ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసింది. "నువ్వు పంపిందే కొట్టిన చెల్లె, ఒక్క అక్షరం ముట్టలే" అన్నాడతను. ఆ గొంతులో అబద్ధం లేదు. పోట్లాడితే లాభం లేదని, "ఫైలు తెరిచి నీ స్క్రీన్ ఫొటో పెట్టు అన్నా, జర అర్జంటు" అంది.

ఫొటో వచ్చింది. కార్డును, ఫొటోను, తన స్క్రీన్‌ను మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. మొదట ఏమీ తెలియలేదు. పోయిన ఆ లైను తప్ప మాటలన్నీ ఒకటే, వరుస ఒకటే. రెండోసారి చూస్తే శంకరవ్వ పేరులో 'వ్వ' కింది వత్తు వేరేగా కనిపించింది. తన దాంట్లో సన్నగా, ఒద్దికగా ఉంది. కార్డులో లావుగా ఉండి, బాగా కిందికి దిగింది.

"నీ కాడ ఈ ఫాంట్ లేదా అన్నా?" అని ఓంప్రకాశ్‌ను మళ్లీ ఫోన్‌లో అడిగింది.

"పోయిన వారమే కొత్త సిస్టం పెట్టిన. పాతయి అన్ని ఎక్కియ్యలే ఇంక."

అప్పుడు ఆమెకు అర్థమైంది. ఓంప్రకాశ్ కంప్యూటర్‌లో ఆ ఫాంట్, అంటే ఆ అక్షరాల అచ్చు, లేకపోతే కంప్యూటరే దాని బదులు ఇంకోటి పెట్టుకుంది. ఆ అక్షరాలు లావు, లైనుకూ లైనుకూ మధ్య ఎడం ఎక్కువ. ఒక్కో లైనూ కొద్దికొద్దిగా కిందికి జరిగింది. పేర్లన్నీ ఇమిడేలా తను స్క్రీన్ మీద గీసిన డబ్బా మాత్రం అంతే ఉంది. ఆఖరి లైనుకు అందులో చోటు దొరకలేదు; డబ్బా దాటింది అచ్చులో పడదు.

ఎప్పుడూ ఆమె అక్షరాలు కదలకుండా పీడీఎఫ్ చేసి పంపుతుంది. ఆ రోజు కరెంటు వస్తూ పోతూ ఉంటే, పీడీఎఫ్ చేసే తీరిక లేక, శంకరవ్వ ఫొటో ఎట్లాగూ ఓంప్రకాశే సర్దుతాడులే అని ఫైలు ఫైలుగానే పంపేసింది. మెషిన్ ఎక్కించేముందు ఒక్క కాపీ తీసి ఫొటో పెట్టమని అడగను కూడా లేదు.

"అన్నా, ఇటు చూడు" అంటూ ఆమె తన దగ్గర కూడా అక్షరాలను ఆ లావుపాటి అచ్చులోకి మార్చింది. నర్మద పేరు కళ్లముందే మాయమైంది. వెంకటేశ్ ఉలిక్కిపడ్డాడు. ఆమె డబ్బా కింది అంచు పట్టుకుని మెల్లగా కిందికి లాగింది. పేరు మళ్లీ పైకి తేలింది.

"ఇంకోపారి చెయ్యి" అన్నాడు.

చేసింది.

"అంటే పోలే. కిందనే ఉన్నదన్నట్టు."

"ఉన్నదన్నా. తప్పు నాది. నేను చూసుకోవాలె."

అతను ఫోన్ తీసి అక్కకు చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారి నర్మద ఎత్తి, కంప్యూటర్ తప్పని అతను చెప్పబోతే, "కంపూటర్ మీద పెట్టి తప్పించుకోకు" అని పెట్టేసింది. స్పీకర్ పెట్టకపోయినా ఆ మాట మమతారాణికి వినబడింది.

ఆమె లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, షట్టర్ దించింది. "నడువన్నా. కరీంనగర్‌కు పదిన్నర బస్సుంది."

"నేనొస్తే తలుపు గూడ తియ్యది."

"నేను కొడత తలుపు."

బస్సు చిగురుమామిడి దాటాక వెంకటేశ్, "రెండేండ్లల్ల అవ్వను నాలుగుసార్లు చూసిన. అదీ దవాఖానల. అక్క ఇంటికి పోలే" అన్నాడు. ఆమె ఊఁ కొట్టింది.

నర్మద ఇల్లు రేకుల ఇల్లు. తలుపు తెరిచే ఉంది. నర్మద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తమ్ముడిని చూసి కూడా ఆమె వేళ్లు ఆగలేదు. వెంకటేశ్ వాకిట్లోనే నిలబడిపోయాడు. మమతారాణి చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, ఆమె ఎదుట నేలమీద కూర్చుంది.

"అక్కా, నేను హుస్నాబాద్‌ల కార్డులు టైపు చేసేదాన్ని. మమతారాణి నా పేరు. నీ పేరు మీ తమ్ముడు తీసెయ్యలే. నా తప్పుతోని పోయింది. ఒక్కసారి చూడక్కా, తర్వాత ఏమన్నా అను."

నర్మద వద్దనలేదు. మమతారాణి లాప్‌టాప్ తెరిచి, తమ్ముడికి చూపించినట్టే చూపించింది. లావు అక్షరాలు, మాయమైన లైను. డబ్బా అంచు కిందికి జరిగింది. సేవ చేసిన బిడ్డ నర్మద.

నర్మద వేళ్లు ఆగాయి. చాట పక్కకు పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని దగ్గరికి జరిగింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుకుంది.

"గిట్ల రాయమని ఎవలు చెప్పిండ్రు?"

"మీ తమ్ముడే. వేరే లైనుల, పెద్దగ పెట్టమన్నడు. అట్ల వేరే పెట్టినందుకే అది కిందికి పోయింది."

వాకిట్లో వెంకటేశ్ తల వంచుకుని కాలి బొటనవేలితో నేలమీద గీస్తున్నాడు.

"తీసెయ్ బిడ్డా" అంది నర్మద.

మమతారాణికి అర్థం కాలేదు. "ఏందక్కా?"

"సేవ చేసిన అనేది తీసెయ్. వాడు చెయ్యనన్నడా? నేనే చెయ్యనియ్యలే." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "వాడు తీస్కపోతనంటే, నీతోని కాదు పో అన్న. అవ్వ రోజు అడిగేది, తమ్ముడు రాలేదా అని. పనిల ఉన్నడని చెప్పేదాన్ని. ఒక్కసారి ఫోన్ చేసి రారా అంటే అయిపోతుండె. అనలే."

వెంకటేశ్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "అక్కా" అన్నాడు. అక్కడే చతికిలబడ్డాడు. నర్మద అతని భుజమ్మీద ఒకటి గట్టిగా చరిచి, ఆ చెయ్యి అక్కడే ఉంచి ఏడ్చింది. మమతారాణి లేచి, నీళ్లు తాగే నెపంతో వెనక్కి పోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి పొయ్యిమీద చాయ మరుగుతోంది.

మధ్యాహ్నం కొత్త కార్డులు కొట్టించడానికి ముగ్గురూ కలిసి ప్రెస్సుకు పోయారు. మమతారాణి ముందు ఓంప్రకాశ్ కంప్యూటర్‌లో తన ఫాంట్ ఎక్కించింది. పేర్ల డబ్బాను అక్షరాలను బట్టి అదే పెరిగేలా మార్చింది. బిడ్డ నర్మద అని మొదట పెట్టి, దాని కింద కొడుకు పేరు పెట్టింది. అప్పుడు పీడీఎఫ్ చేసి ఒకే ఒక్క కార్డు తీయించి, నర్మద చేతికిచ్చింది.

"పైనుంచి కింది దాక చదువక్కా. నేను చదివితే నా కండ్లకు తప్పు కనబడది."

నర్మద వెలుతురులోకి పోయి గట్టిగా చదివింది. తల్లి పేరు దగ్గర ఒకసారి ఆగి మళ్లీ చదివింది. వయసు దగ్గరికి వచ్చేసరికి కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"డెబ్బయి ఒకటా? అవ్వకు డెబ్బయి నాలుగు."

"ఆధార్ కార్డుల డెబ్బయి ఒకటే ఉన్నదే అక్కా" అన్నాడు వెంకటేశ్.

"ఆధార్‌ల వాళ్లకేమెరుక? నేను పుట్టినప్పుడు అవ్వకు ఇరవై. నాకిప్పుడు యాభై నాలుగు. లెక్క చెయ్యి."

"నీకు యాభై నాలుగెక్కడియే, యాభై ఒకటే గద?"

"నా వయసు నాకు నువ్వు చెప్తవా?"

ఓంప్రకాశ్ మెషిన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మమతారాణి అంకె దగ్గర కర్సర్ పెట్టి, వాళ్లిద్దరిలో ఎవరు నెగ్గుతారా అని ఎదురుచూస్తూ కూర్చుంది.