చలికి లేవని బండి

మా ఆయన నాతో మాట్లాడటం మానేసి రెండేళ్ళు దాటింది. పోట్లాడి మానేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. పోట్లాటల్లో మా ఇద్దరికీ మంచి అనుభవమే ఉంది. ఇది అలాంటిది కాదు. స్టవ్ దగ్గర నిలబడి నేనేదో అంటాను, ఆయన కిటికీలోంచి మంచు చూస్తూ ఉంటారు. మళ్ళీ అంటే ఎటో చూస్తూ తలూపుతారు. గోడతో చెప్పుకున్నట్టే ఉంటుంది. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత అలిగాను. నేను అలిగిన సంగతి కూడా ఆయన గమనించలేదని తెలిశాక అలగడం కూడా మానేశాను.

అలాంటి మనిషి రిటైరవగానే ఒక పాత డీజిల్ వ్యాన్ కొన్నారు. వెనక మంచం బిగించారు, చిన్న పొయ్యి పెట్టారు. ఇద్దరం దాంట్లో వర్జీనియాలో ఉన్న హెర్న్‌డన్ వెళ్ళి, అక్కడ మా అమ్మాయి దేదీప్య దగ్గర కొన్నాళ్ళుండి, ఆ తర్వాత సముద్రం పక్కనే ఫ్లోరిడా దాకా పోదామన్నారు. ఇంత ఇంట్లో నాతో మాట్లాడని మనిషి ఆ డబ్బాలో ఏం మాట్లాడతారు? మిషిగన్ రాష్ట్రంలోని మా ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి వర్జీనియా దాకా మౌనవ్రతం పట్టడం నా వల్ల కాదు. ఆయనకు చెప్పకుండా శనివారానికి విమానం టికెట్ కొనుక్కున్నాను, నా ఒక్కదానికే. ఆ మాట ఎలా చెప్పాలా అని సతమతమవుతుంటే వ్యాన్ నా పక్షాన నిలబడింది. చలికి మొరాయించింది.

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. లోపలి గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. మిషిగన్ చలిలో ఆ వేడి చాలదు కనుక ఒక్కో సిలిండర్‌లో వేలెడంత గ్లో ప్లగ్ ఒకటి ఎర్రగా కాలి సాయం చేస్తుంది. మా వ్యాన్‌కు ఐదు సిలిండర్లు, ఐదు ప్లగ్గులు. తాళం తిప్పగానే రిలే అనే చిన్న పెట్టె టక్కుమని వాటికి కరెంటు పంపుతుంది. ఇవన్నీ నాకెందుకు తెలుసంటే, ట్రాయ్‌లో ముప్ఫై ఏళ్ళు డీజిల్ ఇంజన్లు టెస్ట్ చేసిన శేషగిరి గారితో కాపురం చేశాను. మాట్లాడే రోజుల్లో ఆయన మాట్లాడిందంతా ఇదే.

ఆయనకు మీటర్లంటే చిన్నచూపు. జూనియర్లు లాప్‌టాప్ తెరిచేలోపు ఈయన ఇంజన్ పక్కన ఓ నిమిషం నిలబడి, తప్పు ఏ సిలిండర్‌లో ఉందో చెప్పేసేవారట. ఆఫీసు పార్టీల్లో ఈ కథ ఎవరో ఒకరు చెప్పడం, ఈయన మొహమాటపడుతున్నట్టు నటించడం మామూలే.

చలి జబ్బు కనిపెట్టాలంటే బండి రాత్రంతా చల్లబడి ఉండాలి. ఒకసారి స్టార్టయిందంటే ఇంజన్ వేడెక్కుతుంది, ఆ రోజుకిక పరీక్ష లేదు. అందుకని ఆయన రోజూ పొద్దున్నే ఇంటి ముందు డ్రైవ్‌వేలోకి వెళ్ళేవారు. మొదట బ్యాటరీ మార్చారు. తర్వాత డీజిల్ గడ్డకడుతోందేమోనని మందు కలిపారు. బండి తెల్లటి పొగ కక్కి, దగ్గి, చచ్చీచెడీ లేచేది. ఒక్కో రోజు అదీ లేదు. ఆఖరికి తప్పు రిలేదేనని, అది టక్కుమనడం లేదని తేల్చారు. కొత్తది తెప్పించి బిగించారు. అదీ టక్కుమనలేదట. అమ్మినవాడి మీద ఒంటికాలి మీద లేచి, ఇంకోటి తెప్పించారు.

ఆ గురువారం పొద్దున ఆయన లోపలికొచ్చి, "శశీ, కాస్త వచ్చి కీ తిప్పు. నేను హుడ్ ఎత్తి ఇంజన్ దగ్గర ఉంటాను" అన్నారు. నైటీ మీద కోటు వేసుకుని వెళ్ళి, జన్మలో ఎక్కని ఆ డ్రైవర్ సీట్లో తలుపు తీసి ఉంచే కూర్చున్నాను. తాళం సగం తిప్పాను. ముందు నుంచి టక్ అని వినిపించింది.

"తిప్పవేం?" అన్నారాయన.

"తిప్పానండీ. టక్కుమంది కదా."

కాసేపటికి హుడ్ పక్కనుంచి తొంగి చూసి, "ఇదీ డెడ్ పీసే. తిప్పు మళ్ళీ" అన్నారు. తిప్పాను. ఇంట్లో లైట్ స్విచ్ వేసినట్టు స్పష్టంగా, టక్.

నేను దిగి వెళ్ళి చూశాను. ఆయన తల వంచి, కుడి చెవి ఆ పెట్టెకు ఆనించి నిలబడి ఉన్నారు. అయినా ఆ టక్ ఆయనకు వినపడలేదు. చెయ్యి తట్టి, సైగ చేసి, ఆయన వేలు తీసి రిలే మీద పెట్టాను. మళ్ళీ వెళ్ళి తాళం తిప్పాను.

ఇవతలికి వచ్చి చూస్తే వేలు ఇంకా దాని మీదే ఉంది.

పరీక్ష చేసేటప్పుడు ఒకేసారి రెండు మార్చకూడదు, ఒక్కొక్కటే మార్చి చూడాలని ఆయనే చెప్పేవారు. ఆయన వెనక కుడివైపు నిలబడి, "కాఫీ తాగుతారా?" అన్నాను. కదల్లేదు. ఎడమవైపుకు వెళ్ళి, అదే గొంతుతో, "కాఫీ తాగుతారా?" అన్నాను.

"ఆఁ, తాగుదాం," అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. రెండేళ్ళుగా నేనంటే ఈయనకు లెక్కలేదనుకుని ఎంత కుమిలిపోయానో నాకే తెలుసు. లెక్క ఉంది, వినపడలేదంతే. స్టవ్ దగ్గరా, మంచం మీదా నేనెప్పుడూ ఆయనకు కుడివైపే. జాలీ సంతోషమూ కలిసి వస్తే ఏం చెయ్యాలో తెలియక కోటు చేతితో ముక్కు తుడుచుకున్నాను.

ఆయన రిలే మీద నుంచి వేలు తీసి, "ఇంజన్లు పరీక్షించే టెస్ట్ సెల్‌లో ఇంజన్ ఎప్పుడూ నాకు కుడిపక్కనే ఉండేది. చెవులకు ఇయర్ మఫ్స్ పెట్టుకుంటే ఇంజన్ సరిగ్గా వినపడదని తీసేసేవాణ్ణి" అన్నారు. కుడి చెవి తడుముకుని, "చెవి పోయాక ఇంక నాకేం తెలుసు శశీ?" అన్నారు.

"చెవి నాదుందిగా. నేను వింటాను, జబ్బేంటో మీరు చెప్పండి."

ఆయన్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఆయన ఎడమ చెవికి అందేలా తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన స్టార్టర్ తిప్పారు.

"ఎలా తిరుగుతోంది? ఈడుస్తోందా?"

"లేదు, గిరగిరా తిరుగుతోంది."

"అయితే బ్యాటరీ ఓకే."

ఇంజన్ దగ్గి, పొగ కక్కి అంటుకుంది. "ఇప్పుడు?"

"కుంటుతోంది. డబడబా కొట్టి ఓ దెబ్బ తప్పుతోంది, మళ్ళీ కొట్టి ఇంకోటి తప్పుతోంది."

ఆయన కళ్ళు మూసుకుని నా మాటలు విన్నారు. నేను చెప్పేది ఆయన అంత శ్రద్ధగా విని ఎన్నాళ్ళయిందో. "రిలే బాగానే ఉంది. కరెంటు వెళ్తోంది, తీసుకోవాల్సినవే తీసుకోవట్లేదు. రెండు ప్లగ్గులు పోయాయి," అన్నారు. ఇంజన్ ఆపి, గరాజ్‌లోంచి మీటర్ పట్టుకొచ్చి, ప్లగ్గులకు వెళ్ళే వైర్లు ఒక్కొక్కటే కొలిచారు. మూడింటికి అంకె వచ్చింది, రెండింటికి రాలేదు. అంకె లేని ఆ మీటర్‌ను నాకు చూపిస్తున్నప్పుడు ఆయన ముఖంలో పాత శేషగిరి గారు కనిపించారు.

మర్నాడు కొత్త ప్లగ్గులు బిగించారు. అవి ఇంజన్ సందుల్లో ఎక్కడో ఉంటాయి. నేను ఎడమవైపున లైటు పట్టుకుని నిలబడి, ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"రెండేళ్ళుగా నా మాటకి జవాబు చెప్పకపోతే నేనేమనుకోవాలి? ఒక్కసారైనా వినపడట్లేదని చెప్పచ్చు కదండీ."

ఆయన స్పానర్ ఆపి నా వైపు తిరిగారు.

"వినపడట్లేదని నాకు తెలిస్తేగా. నువ్వే మాట్లాడటం మానేశావనుకున్నా," అన్నారు. "ఇల్లంతా సైలెంట్ అయిపోయింది. నేనేదో తప్పు చేసుంటాను, అదేంటో అడిగితే ఇంకా కోపమొస్తుందేమోనని అడగలేదు. వ్యాన్ అందుకే కొన్నాను. రోజంతా పక్కపక్కనే కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడతావు కదా అని."

నేను లైటు ఆయన ముఖం మీదికి తిప్పాను. "సరిగ్గా పట్టుకో," అన్నారు. పట్టుకున్నాను.

ఆ సాయంత్రం టికెట్ కాన్సిల్ చేశాను. చెవుల డాక్టర్‌కి ఫోన్ చేసి, మేము తిరిగొచ్చే వారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. రెండూ ఆయన ఎడమవైపు కూర్చుని చెప్పాను.

"ఏం టికెట్?" అన్నారు.

"దారిలో చెబుతాను."

శనివారం పొద్దున ఊపిరి కూడా గడ్డకట్టే చలి. ఆయన తాళం తిప్పి, ప్లగ్గులు కాలేదాకా ఆగి, స్టార్టర్ తిప్పారు. బండి ఒక్కసారికే లేచింది. ఆయన నా ముఖం చూశారు. "ఐదూ కొడుతున్నాయి," అన్నాను. పిల్లాడిలా నవ్వారు.

సామాన్లు ఎక్కించాక ఆయన మళ్ళీ డ్రైవర్ సీటు వైపు వెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"నేను డ్రైవ్ చేస్తాను. మీరు అటు కూర్చోండి."

"ఇంత పెద్ద బండి నువ్వెప్పుడు నడిపావు?"

"మీరు నడిపితే నేను మీ కుడిపక్కన ఉంటాను. ఎన్ని మాట్లాడినా గాలిలోకే పోతాయి."

ఆయన మారుమాట్లాడకుండా చుట్టూ తిరిగి వెళ్ళి, అవతలి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. తల కాస్త నా వైపుకు వంచారు. నేను మొదలుపెట్టాను. రెండేళ్ళ కిందటి నుంచి మొదలుపెట్టాను. గంటకు పైగా దూరంలోని టొలీడో దాటేదాకా నేను ఆపలేదు. ఆయన ప్రతి మాటకూ జవాబు చెప్పారు.