ఇన్నయ్య చెప్పిన రంగు

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మా అనంతపురం ఇంట్లో అందరూ ఇదే రకం. కాకపోతే వాళ్ళ మొండితనం వంటింటి గడప దాటేది కాదు, నాది ఒక మనిషి ఉద్యోగం తీసింది.

ఆరేళ్ళ కిందటి సంగతి. హైదరాబాదులో ఒక యూనివర్సిటీ మెకానికల్ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉక్కు ముక్కను కొలిమిలో కాల్చి, ప్రెస్సు కింద నొక్కి, ఎంత వేడి మీద అది పగలకుండా అణుగుతుందో తేల్చడం నా పని. కాలిన ముక్కను అటూ ఇటూ మోసేటప్పుడు వైర్లు అడ్డం పడుతున్నాయని సొంతంగా ఒక వైర్‌లెస్ సెన్సర్ తయారుచేశాను. నెల తిరక్కుండా అయిపోయే బ్యాటరీని పద్నాలుగు నెలలు నడిపించాను. కిటుకు చిన్నదే. సెన్సర్ రెండు నిమిషాలు నిద్రపోతుంది, లేచి వేడి ఎంతో ఒక అంకె పంపుతుంది, మళ్ళీ పడుకుంటుంది. అది నిద్రలో ఉన్నంతసేపూ కంప్యూటర్ తెర మీద పాత అంకే ఉంటుంది. దానికి నాకు బహుమతి ఇచ్చి శాలువా కూడా కప్పారు.

ఇన్నయ్య మా ల్యాబు టెక్నీషియన్, కాంట్రాక్టు మీద ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి. ఇరవై రెండేళ్ళు కొలిమి ముందు నిలబడ్డాడు. పట్టకారుతో ముక్క తీసి ప్రెస్సు కింద పెట్టేది ఆయనే. రంగు చూసి వేడి ఎంతో చెప్పేవాడు: పసుపు ఉంటే నొక్కవచ్చు, ఎరుపు దిగితే చల్లారినట్టే.

ఆ రోజు ముక్కను పెట్టీ పెట్టగానే చెయ్యి అడ్డం పెట్టాడు. "నొక్కమాకండమ్మా. పసుపు పోయి ఎరుపు దిగింది. మళ్ళీ కాలుద్దాం."

తెర మీద వెయ్యీ యాభై డిగ్రీలుంది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. ముందు నీ కళ్ళు చూపించుకో ఇన్నయ్యా," అన్నాను, విద్యార్థులందరి ముందూ. వాళ్ళు నవ్వారు. నేను మీట నొక్కాను. ముక్క అంచున పగిలింది.

వరసగా ఐదు ముక్కలు పగిలాయి. వేడి సరిగ్గానే ఉంది కాబట్టి తప్పు ఆయనదే అనుకున్నాను. చూపు ఆనక ముక్కను వంకరగా పెడుతున్నాడని మా విభాగం హెడ్డుకు కాగితం రాసిచ్చాను. ఆ ఏడు ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. చేతి తొడుగులు నా బల్ల మీద పెట్టి, "మిషను అబద్ధం చెప్పదు కదమ్మా," అని వెళ్ళిపోయాడు. వెటకారం అనుకుని ఒళ్ళు మండింది నాకు.

ఇప్పుడు నేను అదే విభాగంలో పాఠాలు చెబుతున్నాను. పోయిన నెల నా విద్యార్థిని అనూష ఆ పాత లెక్కలు ముందేసుకుని కూర్చుంది. వారాసిగూడ పిల్ల, అడగాలనుకున్నది అడిగేస్తుంది.

"మేడం, ముక్కని బయటికి తీసినాక గూడ గదే నంబర్ ఉన్నదేంది? ప్రెస్సు కాడికి తెచ్చేసరికి పన్నెండు సెకన్లు అయితది. సెన్సర్ గప్పుడు పండుకునే ఉన్నది. ఇది కొలిమిల ఉన్నప్పటి వేడి, మేడం!"

పది నిమిషాల్లో పట్టుకుంది. ఆరేళ్ళలో నాకు తోచలేదు. తోచలేదా, చూడదలుచుకోలేదా? సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

హెడ్డుకు మళ్ళీ కాగితం రాశాను, ఈసారి తప్పు నాదని. ఇన్నయ్యను తిరిగి తీసుకోవడానికి హెడ్డు ఒప్పుకున్నాక తార్నాకలో ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా ఉంటున్నాడు. లిఫ్టు పక్కన ఒక్కటే గది. ఆయన లోపల స్నానం చేస్తున్నాడు. భార్య సారమ్మ కుర్చీ వేసింది.

"రామంతాపూర్ షెడ్డువాళ్ళు రెండుసార్లు వచ్చి పిలిచారమ్మా, ఇనుము కొట్టే పనికి. పోలా. కళ్ళ డాక్టరు బాగున్నాయన్నా నమ్మలా. అంత చదువుకున్న పిల్ల ఊరికే అంటదా అంటాడు."

అప్పుడు అర్థమైంది, ఆ రోజు ఆయన మాటలో వెటకారం లేదు. నన్ను నమ్మాడు. తన కళ్ళకంటే ఎక్కువ నమ్మాడు.

ఇన్నయ్య తల తుడుచుకుంటూ వచ్చాడు. దాచకుండా అంతా చెప్పి, "క్షమించండి ఇన్నయ్యగారూ," అన్నాను. గారు అనడం అదే మొదటిసారి.

తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తర్వాత, "అయితే ఆ రోజు ఎరుపేనా అమ్మా?" అన్నాడు.

"ఎరుపే."

సారమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాబుకు వచ్చాడు. పాత తొడుగులు దాచలేదు నేను, కొత్తవి ఇచ్చాను. అనూష ముక్కను కాల్చింది. కావాలనే తెర ఆపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని తెలుసు, అయినా ఆశ ఉంది. ఆయన పట్టకారుతో ముక్క తీసి, వణక్కుండా, సరిగ్గా నడిమధ్యన పెట్టాడు.

"చెప్పండి ఇన్నయ్యగారూ. నొక్కమంటారా?"

ముక్క వైపు చూశాడు. పెదవులు కదిలాయి. మెల్లగా ఆ నల్లటి తెర వైపు తిరిగాడు.

"అందులో ఎంతుందమ్మా?"

మేం నిలబడి ఉండగానే పసుపు పోయి ఎరుపు దిగింది. ఈసారి అది నాకు కూడా కనిపించింది.