కాటుక చుక్కల జనాభా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన విశ్వేశ్వర్ పెళ్ళయిన నాటి నుంచీ అంటూనే ఉన్నాడు. ఉంటుంది మరి! పట్నంలో జహనుమా అనే చోట మా బస్తీ నుంచి రైలు పట్టాలు దాటి, అవతలి బావిలో నీళ్ళు తోడుకుని, నిండు బిందెతో మళ్ళీ పట్టాలు దాటి రావాలి. రోజుకు ఎనిమిది సార్లు. ముప్పై ఏళ్ళు అలా తిరిగితే కోపం ముక్కు మీద గాక ఇంకెక్కడ ఉంటుంది? మాది కిరాణా దుకాణం. కోమటి వాసవాంబ నోరు తెరిస్తే గిరాకీ పారిపోతుందని వెనకాల అనుకుంటారు. అనుకోనీ.

యాభై ఒకటిలో జనాభా లెక్కలు మొదలైనప్పుడు మాత్రం నా అంత సంతోషపడ్డ మనిషి లేదు. ఎందుకంటే నల్లా కోసం మేం పెట్టిన అర్జీకి నీళ్ళూ వీధులూ చూసే బల్దియా దఫ్తర్‌లో ఒక మాట చెప్పారు. బస్తీలో ఐదు వందల మంది ఉన్నట్టు లెక్క తేలితే నల్లా వేస్తారు. తేలకపోతే ఆ పైపు పక్క బస్తీకి పోతుంది. మళ్ళీ లెక్కలు పదేళ్ళకు గాని రావు. అప్పటిదాకా నా మోకాళ్ళు నన్ను మోయాలా వద్దా?

లెక్కలు రాయడానికి సదాశివ పంతులు వచ్చాడు. సర్కారీ బడిలో పాఠాలు చెబుతాడు, ఇంట్లో తరతరాలుగా గుడి అర్చకత్వం. గొంతు పెంచడం తెలియని మెత్తటి మనిషి. మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగి, నాలుగో రోజు మా దుకాణం అరుగు మీద కూలబడ్డాడు.

"ఏంది పంతులూ, ఎంతయింది?" అన్నాను.

"నాలుగు వందల ముప్పై ఒకటి అమ్మా."

ఇంకా అరవై తొమ్మిది మంది తక్కువ! "గదేంది! ఈ పోరగాళ్ళ లొల్లికి పగటిపూట కునుకు తియ్యరాదు. సక్కగ రాసినవా అసలు?"

"వాళ్ళు చెప్పిందే రాసిన. ఈ గల్లీల బాలమ్మ తనకు ముగ్గురే పిల్లలు అన్నది. నేను ఆడ నిలబడంగనే సంకల పిల్ల గాక ఇంకో ఐదుగురు నా చుట్టు ఉరికిన్రు. ఎవరమ్మా వీళ్ళంటే పక్కింటోళ్ళు అన్నది. పక్కింట్ల అడిగితే బాలమ్మ పిల్లలే అన్నరు. నేనేం చెయ్యాలె?" అంటూ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

నాకప్పుడు వెలిగింది. మా బస్తీలో ఏ తల్లీ పిల్లల్ని లెక్కపెట్టదు. ఒకటి, రెండు అని వేలు చూపిస్తే దిష్టి తగులుతుంది. అన్నం వడ్డించేటప్పుడు కూడా అందరూ వచ్చారా అంటామే గాని, ఐదుగురూ వచ్చారా అనం. పరాయి మనిషి అడిగితే ఒకరిద్దరిని తగ్గించి చెబుతాం. అలాంటిది సర్కారు కాగితం మీద ఉన్నంత మందినీ రాయిస్తామా?

రాయించం. నేనూ రాయించలేదు. దాచుకోవడం ఎందుకు, నా సంగతీ చెబుతాను. మా కోడలు విమలాదేవికి మొదట ఇద్దరు మగపిల్లలు పుట్టి, నడక రాకముందే పోయారు. ఆ తరవాత పుట్టింది కన్యక. దానికి ఆరేళ్ళు దాటినా, ఎవరైనా దాన్ని రెండోసారి చూస్తే కొంగు చాటుకు లాక్కుంటాను. పంతులు మా ఇంటికొచ్చిన రోజు దాన్ని బియ్యం బస్తాల వెనక కూర్చోబెట్టి, నోటి నిండా బెల్లం పెట్టి, మేం పెద్దవాళ్ళం నలుగురమే, పిల్లలు లేరు అని చెప్పాను.

అయినా ఊళ్ళో వాళ్ళ మీద ఎగరడానికి నాకేం అడ్డు? నేరుగా బాలమ్మ వాకిట్లోకి పోయాను.

"ఏమే బాలమ్మా, ఆరుగురిని కని ముగ్గురంటవా? కడమ ముగ్గురు నీళ్ళు తాగరా?"

"మెల్లగక్కా, మెల్లగ!" బాలమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆరుగురని గట్ల ఒర్రుతవేంది? రేపు పోరగాళ్ళకేమన్న అయితే నీ నల్లా వచ్చి చూస్తదా?"

ఎదురింటి ఖైరున్ బీ కూడా పిల్లల్ని లెక్కపెట్టొద్దని పరదా వెనక నుంచి వంత పాడింది. "సహీ బోల్‌రీ బాలమ్మ. బచ్చోంకు గిన్నా నక్కో, నజర్ లగ్తీ." ఆమెకు నలుగురు, రాయించింది ఇద్దరిని. దిష్టి అన్నా నజర్ అన్నా మా గల్లీలో భయం ఒకటే.

తిట్టాను. బతిమాలాను. నా మోకాళ్ళు చూపించాను. చివరికి బాలమ్మ ఒక్క మాట అడిగింది. "మా పిల్లలకు దిష్టి తగలదని నువ్వు జిమ్మా ఉంటవా అక్కా?"

దిష్టికి పూచీ ఎవరు పడతారు? బాలమ్మ అప్పుడే నీళ్ళు పోసిన చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని బుగ్గ మీద కాటుక చుక్క పెడుతోంది. ఆ చుక్కనే చూస్తూ నిలబడ్డాను.

"చుక్క పెడితే తగలదు గదనే?"

"చుక్కుంటే ఎట్ల తగుల్తది?"

"అయితే ఫికర్ లేదు. బస్తీల పిల్లలందరికి చుక్క పెడదాం. పంతులు పిల్లల్ని లెక్కపెట్టడు, చుక్కలు లెక్కపెడ్తడు. సరేనా?"

బాలమ్మ పరదా వైపు చూసింది. "టీకా గిన్నేకు క్యా హోతా? గిన్‌లో," చుక్కలు లెక్కపెడితే ఏమవుతుందంటూ ఒప్పుకుంది ఖైరున్ బీ.

మర్నాడు పొద్దున్నే కాటుకలో ఆముదం రంగరించి, గిన్నె నిండా తీసుకుని మా అరుగు మీద కూర్చున్నాను. చుక్క పెట్టించుకున్న ప్రతి బుగ్గకూ గుప్పెడు పల్లీలు. తల్లులు బిలబిలమంటూ వచ్చేశారు.

పంతులు నసిగాడు. "అమ్మా, ఫారంల చుక్కలు రాసే ఖానా లేదు. పేరు, వయసు అడగాలె."

"చుక్క పేరే అడుగు. చుక్క వయసే అడుగు. పిల్లల మాట ఎత్తకు!"

పాపం, అలాగే అడిగాడు. "ఈ చుక్క పేరేంది తల్లీ? ఈ చుక్కకు ఎన్నేండ్లు?" అంటుంటే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వారు. నవ్వుతూనే అన్నీ చెప్పారు. బాలమ్మ నడిమి కొడుకు అంజన్ పల్లీల కోసం మళ్ళీ వచ్చి, రెండు బుగ్గలకూ రెండు చుక్కలతో దొరికిపోయాడు. పంతులు ఒక చుక్క కొట్టేశాడు.

మధ్యాహ్నానికి పెద్దల లెక్కకు చుక్కలు కలిపి కూడిక అయింది. "ఐదు వందల ఆరు!" అన్నాడు పంతులు, జీవితంలో మొదటిసారి గొంతు పెంచి.

ఇంక చూడాలి సంబరం! ఖైరున్ బీ ఇంటి నుంచి చాయ్ వచ్చింది. మా ఆయన పల్లీల బస్తా ఖాళీ అయిందన్న సంగతే మరిచిపోయాడు. నేనూ నవ్వాను గాని, నా సంతోషం వేరు. ఐదు వందలు దాటింది, మా కన్యక అవసరం రాలేదు. ఊరందరినీ నమ్మించిన ఆ చుక్క మీద నాకే నమ్మకం లేదు.

అప్పుడే నేను పొద్దున్నే గడియ పెట్టిన వెనక గది తలుపు ఎలా తీసుకుందో, కన్యక అరుగు మీదికి వచ్చి నా ఎదురుగా నిలబడింది. మూతి ముడిచి, కళ్ళ నిండా నీళ్ళు.

"బాపమ్మా, అందరికి చుక్క పెట్టినవ్. అంజన్‌కయితే రెండు పెట్టినవ్. నాకెందుకు పెట్టలే? నేను లేనా?"

కన్యక సంగతి గల్లీలో అందరికీ తెలిసిందే గాని, ఒక్కరూ నా మొహం చూడలేదు. పోయిన ఇద్దరి కోసం ఇప్పటికీ ఏడుస్తున్నదాన్ని, కళ్ళ ముందున్న పిల్లను నా నోటితో నేనే లేదని రాయించాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

బాలమ్మ ఎత్తిపొడుస్తుందనుకున్నాను. ఆమె కాటుక గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. "పెట్టక్కా. మేమందరం నీ మాట మీదనే గద పెట్టించుకున్నం."

పెట్టాను. కన్నీళ్ళ తడికి చుక్క కాస్తా కన్యక బుగ్గంతా పాకింది.

"పంతులూ, కాగితం తియ్యి."

"ఐదు వందలు దాటింది గదమ్మా. కూడినంక మళ్ళ మార్చాలంటే..."

"మార్చు! మా ఇంట్ల ఐదుగురం. నా మనవరాలు కన్యక ఉన్నది. రాయి. ఆరేండ్లు."

"ఆరు కాదు, ఆరున్నర!" అని కన్యక గల్లీ మొత్తం వినేలా అరిచింది.

నేను దాని నోరు మూయలేదు.