తోడికోడళ్ళలో నడిపిదాన్ని

నేను ఒక కార్బురేటర్‌ని. బుల్లెట్టు బండి పక్కన గొంతుక్కూర్చుని చూస్తే ఇంజను వీపుకు ఆనుకుని గుప్పెడంత కనపడతాను. నన్ను చూసినవాళ్ళు చాలామందే ఉంటారు గానీ నా పనేమిటంటే చెప్పలేరు. అమ్మ బిడ్డకు అన్నం కలిపినట్టు నేను ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి పెడతాను. పెట్రోలు ఎక్కువైతే ఇంజను నల్లగా పొగ కక్కుతుంది. గాలి ఎక్కువైతే ఒళ్ళు కాలిపోతుంది. అప్పుడు నన్ను తిడతారు. సరిగ్గా కలిపిన రోజున మాత్రం నా మాటెత్తరు, బండి బాగుందంటారు.

నన్ను పోతపోసిన ఊరు నాకు గుర్తులేదు. కరిగిన లోహం అచ్చులో పడటం, వేడి తగ్గాక ఎవరో ఒంటికి సన్నటి చిల్లులు పెట్టడం, అంతవరకే తెలుసు. ఆ చిల్లుల్లోనే నా బతుకంతా ఉంది.

మొదటి కాపురం ఒక పశువుల డాక్టరు గారి బండికి. పల్నాటి మట్టిరోడ్ల మీద మేము వస్తుంటే చేలో ఉన్నవాళ్ళకు ముందే వినపడేది. మేము చేరేసరికి గేదెను గుంజకు కట్టి, తోక పట్టుకునే మనిషి సిద్ధంగా ఉండేవాడు. ఆ చప్పుడు గేదెలకూ తెలిసిపోయింది. మేము మలుపు తిరగకముందే అవి పలుపు తెంపుకోవాలని చూసేవి.

డాక్టరు గారికి బదిలీ అయింది. బండిని ఒక మిరపకాయల కొట్టు గుమాస్తా కొన్నాడు. ఆయన ప్రతి శుక్రవారం బండి కడిగి, దీపానికి పసుపూ కుంకుమా పెట్టి, హాండిలుకు నిమ్మకాయ కట్టేవాడు. నేను గాలి పీల్చే జల్లెడను మాత్రం ఒక్కసారీ విప్పి దులపలేదు. నా గొంతులో స్లైడు అని ఒకటుంటుంది. అది పైకి లేస్తే గాలి ఎక్కువ వస్తుంది, దిగితే తగ్గుతుంది. మిరప ఘాటూ దుమ్మూ పీల్చి పీల్చి ఆ స్లైడు ఒక అంచున అరిగింది. మనుషుల భక్తి కంటికి కనపడే భాగాల మీదే ఉంటుందని అప్పుడు తెలుసుకున్నాను.

బండి ఎప్పుడు మొరాయించినా పీరయ్య షెడ్డుకే తోసుకొచ్చేవారు.

పీరయ్య దూదేకుల మనిషి. షెడ్డు ముందు సగంలో ఆయన మెకానిక్కు పని. వెనక సగంలో, తడిక అవతల, ఆయన భార్య మీరాబి పరుపులూ దిళ్ళూ కుట్టేది. మీరాబి వాళ్ళ నాన్న విల్లుతో దూది ఏకేవాడట. నారి మీద కొడుతుంటే దూది ముద్ద విడిందో లేదో ఆ మోతలోనే తెలిసేదని, పరుపు కొనడానికి వచ్చినవాళ్ళకు ఆమె చెబుతుండేది. వాళ్ళకు ఆ ముచ్చట అక్కర్లేదు. పరుపు మెత్తగా ఉందా అని గుచ్చి చూసుకునేవారు.

పీరయ్య నన్ను విన్నట్టు ఇంకెవరూ వినలేదు. స్క్రూ వెంట్రుకవాసి తిప్పి, కళ్ళు మూసుకుని, తల కాస్త వంచేవాడు. నాలో ఏ చిల్లు మూసుకుపోయిందో విప్పకుండానే చెప్పేవాడు. బండి వదిలి టీకి పోయిన మనిషి గ్లాసు దించేలోపు పని అయిపోయేది.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తల ఇంకా ఇంకా దగ్గరికి వంగుతూ వచ్చింది. తర్వాత ఒక కొత్త అలవాటు మొదలైంది. స్క్రూడ్రైవరు కొనను నా ఒంటికి ఆనించి, పిడిని పళ్ళతో కరిచి పట్టుకునేవాడు. అప్పుడు నా వణుకు చెవితో పనిలేకుండా పళ్ళలోంచి, దవడలోంచి లోపలికి పోతుంది. చూసేవాళ్ళు అదేదో పెద్ద విద్య అనుకున్నారు. పక్క ఊరి మెకానిక్కులిద్దరు తామూ కరిచి చూశారని విన్నాను. వాళ్ళకు నోరు మాత్రమే మంట పుట్టి ఉంటుంది.

నాకు సంగతి తెలుసు. ఆయనకు చెవులు పోతున్నాయి. ఇంజన్ల పక్కన కూర్చుని కూర్చుని అరిగిపోయిన చెవులు అవి, నా స్లైడు లాగే. వినపడని మెకానిక్కు దగ్గరికి బండి ఎవరు తెస్తారు? ఆయన భయమంతా అదే. షెడ్డు మూతపడుతుందని భయం. అందుకని ఎవరికీ చెప్పలేదు. తడిక అవతలి మనిషికీ చెప్పలేదు.

గుమాస్తా కొత్త బండి కొనుక్కున్నాడు. పాత బుల్లెట్టును విడగొట్టారు. నేను పీరయ్య షెడ్డులో ఒక డాల్డా డబ్బాలో, కిరసనాయిల్లో నానుతూ చాలా కాలం ఉన్నాను.

అంకినీడు వచ్చింది అప్పుడే. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎక్కిన ప్రతి బస్సూ సర్కారుదే, తనదంటూ ఒక స్టీరింగు లేదని ఆయన కొరత. కోయంబత్తూరు వైపు నుంచి విడిభాగాల కారు ఒకటి తెప్పించాడు. ఇద్దరు కూర్చునేది, పైన కప్పు లేనిది. పెట్టెల్లో వచ్చింది. ఇంట్లోనే బిగించుకున్నాడు. ఎక్కడో గుద్దుకుని పోయిన చిన్న కారు ఇంజను తెచ్చి అందులో పెట్టాడు. తీరా చూస్తే ఆ ఇంజనుకున్న కార్బురేటర్ మరీ ఎత్తు. బానెట్టు మూతపడలేదు.

"కోసేద్దామా బానెట్టు?" అన్నాడు అంకినీడు, పీరయ్య ముఖంలోకి చూస్తూ.

పెదవులు ఎదురుగా ఉంటే పీరయ్యకు మాట తెలిసేది. "ముచ్చటపడి తెచ్చుకున్నావ్, కోయటమేంది అన్నా. ఇది మూడు సిలిండర్ల ఇంజను. సిలిండరుకొకటి బుల్లెట్టు కార్బురేటర్ పక్క నుంచి పెడతా. బానెట్టు పడుద్ది, బండీ ఉరుకుద్ది."

అలా అనకుండా ఉండాల్సింది. కానీ చెవులు తగ్గుతున్న మనిషికి చేతుల మీద పౌరుషం పెరుగుతుంది.

డబ్బాలోంచి నన్ను తీశాడు. ఇంకో రెండింటిని ఎక్కడెక్కడి నుంచో తెచ్చాడు. మూడు గొట్టాలు అతికించి మమ్మల్ని వరసగా బిగించాడు. మూడు ఇళ్ళ నుంచి వచ్చి ఒకే వంటింట్లో పడ్డ తోడికోడళ్ళం. నేను నడిపిదాన్ని. ముగ్గురికీ ఒకే కడ్డీ. అది లాగితే ముగ్గురం ఒకేసారి గుక్క తీసుకోవాలి, ఒకే లెక్కన తీసుకోవాలి. ఒకరు ఎక్కువ పీలిస్తే ఇంజను కుంటుతుంది.

మొదటి రోజే ప్రాణాల మీదికి వచ్చింది. బుల్లెట్టులో పెట్రోలు ట్యాంకు మాకు పైన ఉంటుంది, పెట్రోలు మెల్లగా దానంతటది దిగుతుంది. కారుకు పంపు ఉంటుంది, అది తోస్తుంది. మా కడుపులు నిండినా తోస్తూనే ఉంది. పెట్రోలు పొర్లి, కాలుతున్న ఇంజను మీద పడి సుయ్‌మంటోంది. పీరయ్య అటు పక్కన వంగి, నోట్లో స్క్రూడ్రైవరుతో పెద్దదాన్ని వింటున్నాడు.

"పెట్రోలు కారతంది, లెగు" అని తడిక అవతల నుంచి మీరాబి కేక వేసింది. ఆయన కదల్లేదు. మళ్ళీ వేసింది. సీట్లో ఉన్న అంకినీడు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. ఆమె కుండలో ముంచిన గోనెపట్టా తెచ్చి మా మీద కప్పి, పీరయ్యను చొక్కా పట్టుకుని ఇవతలికి లాగింది.

"ఊరంతా వినపడేట్టు అరిస్తే కదలవేందయ్యా," అన్నాడు అంకినీడు.

"పనిలో పడితే నాకు ఒళ్ళు తెలీదు," అన్నాడు పీరయ్య. మీరాబి గోనెపట్టా పిండుకుంటూ ఆయన వంకే చూసింది.

పంపు తీసేశాడు. బుల్లెట్టు ట్యాంకు ఒకటి తెచ్చి అద్దం ముందర ఎత్తుగా బిగించాడు. కారు నెత్తిన నీళ్ళకుండ పెట్టినట్టుందని అంకినీడు గొణిగాడు గానీ పొర్లటం ఆగిపోయింది. ఇక మా ముగ్గురి ఊపిరి కలపటమే మిగిలింది.

దానికి ఒక పద్ధతి ఉంది. సన్నటి రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో, రెండో కొన మా నోటి దగ్గర పెట్టుకోవాలి. గాలి పోతున్న ఈల వినపడుతుంది. మూడు ఈలలూ ఒకటయ్యేదాకా స్క్రూలు తిప్పుతూ పోవాలి. పీరయ్య గొట్టం పెట్టుకున్నాడు. తల ఊపాడు. స్క్రూ తిప్పాడు. మళ్ళీ తల ఊపాడు. ఆయనకు వినపడింది ఏమీ లేదని ఆ వేళ్ళను బట్టే నాకు తెలిసింది. అవి తడుముకుంటున్నాయి. పళ్ళతో పట్టి చూశాడు. ఒక్కదాన్నయితే తెలిసేదేమో, ముగ్గురి వణుకూ కలిసి గజిబిజి అయిపోయింది.

"ఒకటి దగ్గుతంది, ఒకటి తుమ్ముతంది," అన్నాడు అంకినీడు.

"కొత్త కాపురం గదా అన్నా, సర్దుకుంటయ్యి."

"నాకు కోడళ్ళ పంచాయితీలు వద్దు పీరయ్యా. ఆదివారం దాకా చూస్తా. కాకపోతే నరసరావుపేట లాక్కుపోతా."

ఆయన కోపంగా అనలేదు. అందుకే పీరయ్యకు ఎక్కువ తగిలింది. నరసరావుపేటలో నలుగురూ కూడి, పీరయ్య చేత కాలేదట, అని ఒక్కసారి అనుకుంటే చాలు.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేరు. ఇంజను ఆడుతోంది. పీరయ్య గొట్టం చెవిలో పెట్టుకుని, ఆ చెవిలోంచి ఈ చెవిలోకి మార్చుకుంటూ కూర్చున్నాడు. మీరాబి తడిక తోసుకుని వచ్చింది. జుట్టు మీద దూది పోగులు అలానే ఉన్నాయి. ఆయన చెవిలోంచి గొట్టం లాగి, కొంగుతో కొన తుడిచి, తన చెవిలో పెట్టుకుంది. రెండో కొన పెద్దదాని దగ్గర పెట్టింది, తర్వాత నా దగ్గర, తర్వాత చిన్నదాని దగ్గర. నారి మోత విన్నట్టే విన్నదేమో, కళ్ళు సగం మూతపడ్డాయి.

నన్ను వేలితో చూపించి, అరచెయ్యి కిందికి దించింది. ఎక్కువ పీలుస్తోంది, తగ్గించు అని. అరిగిన అంచు గదా, స్లైడు పక్క నుంచి గాలి జారుతోంది.

పీరయ్య స్క్రూ ముట్టుకోలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. "ఎప్పటి నుంచి ఎరుక నీకు?"

"పిలిస్తే పలకటం మానేసినకాడి నుంచి," అంది ఆమె, ఆయనకు పెదవులు కనపడేట్టు. "మొదట్లో మొగుళ్ళందరూ ఇంతేలే అనుకున్నా. తర్వాత గ్లాసు జారి పడ్డా తిరిగి చూడలేదు నువ్వు."

"చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్తావని చూశా. తిప్పు ముందు, పెట్రోలు అయిపోతంది."

ఆయన తిప్పాడు. ఆమె చెయ్యి దించింది, ఎత్తింది, ఆపింది. కొంచెంసేపటికి మేము ముగ్గురం ఒకే గుక్క తీసుకున్నాం. ఇంజను కుదురుగా, తిన్నగా ఆడింది. వినలేని మనిషి ఇంజను మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు తియ్యలేదు.

కానీ చల్లగా ఉన్నప్పుడు పెట్టిన లెక్క వేడెక్కితే నిలవదు. ఆదివారం అంకినీడు నాలుగు ఊళ్ళు తిప్పి తెచ్చేసరికి నేను మళ్ళీ ఎక్కువ పీలుస్తున్నాను. ఆయన ముందరే సరిచెయ్యాలి. మీరాబి అప్పటికే లేచి తడిక అవతలికి పోబోతోంది. పరాయి మనిషి ముందు భర్త గుట్టు బయటపడకూడదని.

పీరయ్య గొట్టం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చెవిలో పెట్టుకుని తల ఊపితే ఎవరడుగుతారు? నేను కుంటుతూనే ఉన్నాను. ఎంత కుంటినా ఆ సంగతి నేను చెప్పలేను.

"రా, విను," అని ఆయన గొట్టం ఆమె వైపు చాపాడు. అంకినీడు వైపు తిరిగాడు. "నాకు వినపడదన్నా. మా ఆడమనిషి వింటది, నేను తిప్పుతా. కుదరదనుకుంటే నరసరావుపేట తీసకపో."

అంకినీడు సీట్లోనే కూర్చున్నాడు. ఆమె వినటం, చెయ్యి దించటం, ఆయన తిప్పటం చూశాడు. ఇంజను కుదురుకుంది. అప్పుడు గొంతు తగ్గించాడు. తగ్గించాక గుర్తొచ్చి మళ్ళీ పెంచాడు.

"నాకు రిటైరైనకాడి నుంచి కుడికన్ను సరిగ్గా ఆనటంలా. మా ఇంటిది పక్కన కూర్చుని ఎద్దొచ్చింది, గుంటొచ్చింది అని చెబుతా ఉంటది. ఇద్దరు కూర్చునే కారు ఎందుకు కొన్నాననుకున్నావ్?"

మీరాబి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పీరయ్య ఆ మాట మొత్తం అందుకోలేదు గానీ, ఆమె నవ్వు చూసి తనూ నవ్వాడు.

తర్వాత సంగతి ఊళ్ళో అందరికీ తెలిసింది. షెడ్డు మూతపడలేదు. బండి తెచ్చినవాళ్ళు పీరయ్యకు చూపించి, మీరాబికి చెప్పేవారు.

కారు ఎండకూ వానకూ పగుళ్ళిచ్చింది. అంకినీడు రెండో కన్నూ మసకేశాక దాన్ని పాత ఇనుముకు ఇచ్చేశాడు. పెద్దదీ చిన్నదీ దాంతోనే పోయాయి. నన్ను మాత్రం పీరయ్య విప్పి ఉంచుకున్నాడు. ఇప్పుడొచ్చే బండ్లకు నాలాంటివాళ్ళతో పనిలేదు. గాలీ పెట్రోలూ కలపటానికి వాటిలో ఏదో చిన్న పెట్టె ఉందట. షెడ్డులో ఇప్పుడు దిళ్ళే ఎక్కువ. పీరయ్య ఇనప బల్ల దగ్గర కూర్చుని దిండు గలీబుల్లో దూది కూరుతుంటాడు. ఆయనకు ఇప్పుడు బొత్తిగా వినపడదు.

నేను ఆ బల్లకు ఈ చివర, మీరాబి చేతికి అందేట్టు ఉంటాను. అన్నం వేళకు ఆమె నన్ను తీసి బల్ల మీద రెండుసార్లు కొడుతుంది. ఆ చివర ఇనుము మీద ఆనించిన ఆయన చేతికి నేను వినపడతాను.

ఆయన తిరిగి చూస్తాడు.