కనిపించే గొంతు

1982 దసరా సెలవులు అయిపోయాక, ఆదోని కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పాండురంగయ్య డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులకు ప్రాజెక్టు పని అప్పగించాడు. సంక్రాంతి దాటాక ఎమ్మిగనూరు హైస్కూలు ఆవరణలో సైన్సు ప్రదర్శన జరగబోతోంది. ఇద్దరిద్దరు కలిసి ఒక్కో పరికరం తయారుచేయాలి. ఆయన పెట్టిన షరతు ఒకటే.

“అట్టముక్కల ఆనకట్టలు, అగ్గిపెట్టెల రైళ్లు నాకొద్దు. చూసేటోడు చేతులు కట్టుకోని చూసి పోతే అది బొమ్మ. వాడు ఏదన్నా చేయాల. దానికి అది బదులియ్యాల. అట్లాంటిది చేసుకోని రాండి.”

క్లాసులో ఆడపిల్లలు ముగ్గురే. ఇద్దరు జత కట్టడంతో దేవకి మిగిలింది. మగపిల్లల్లో యేసేపు మిగిలాడు. పాండురంగయ్య వాళ్లిద్దరి పేర్లూ కలిపి రాసుకున్నాడు.

యేసేపుది ఎమ్మిగనూరు. వాళ్లన్న దేవదాసుకు అక్కడ బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. యేసేపు ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. దేవకి తండ్రి శ్రీపాదరావు ఆదోనిలో సంస్కృతం మాస్టరు. మాట్లాడితే వెలిగే పరికరం చేద్దామన్న ఆలోచన దేవకిది. అది కుదురుతుందా లేదా అన్నది యేసేపు లెక్క. దేవదాసు దుకాణంలో మూలపడిన రికార్డు ప్లేయరు లోంచి ఆంప్లిఫయరు తీశారు. పాత మైకు ఒకటి దొరికింది. చెక్కపెట్టె ముందు భాగంలో టార్చి బల్బులను ఒకదాని మీద ఒకటిగా నిలువునా బిగించారు. మైకు దగ్గర మెల్లగా మాట్లాడితే అడుగు బల్బు ఒక్కటే వెలుగుతుంది. గొంతు పెంచేకొద్దీ వెలుగు పైకి ఎక్కుతుంది. అన్నిటికన్నా పైదానికి ఎర్ర కాగితం చుట్టారు. శ్రీపాదరావు దానికి ‘శబ్దదీపిక’ అని పేరు పెట్టాడు. ఆ పేరు పెట్టేటప్పటికి ఆయన దాన్ని ఇంకా చూడలేదు.

ఒక ఆదివారం పొద్దున యేసేపు పెట్టెను బస్సులో తెచ్చి దేవకి వాళ్ల ఇంటి పంచలో పెట్టాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, అతనూ ఎదురుచూడలేదు. వైర్లు అతికించి మైకు దేవకి చేతికిచ్చాడు.

“ఏమన్నా అనండి.”

“ఏమనాల?”

అడుగు బల్బులు రెండు వెలిగి ఆరాయి.

అప్పుడే దేవకి మేనత్త రుక్మాబాయి రెండు పళ్లేల్లో బొరుగుల ఉగ్గాని పెట్టుకుని బయటికి వచ్చింది. ఆమెకు ముప్పై ఆరేళ్లు. నాలుగేళ్ల వయసులో పెద్ద జ్వరం వచ్చి చెవులు పోయాయి. అప్పటికి ఆమెకు మాటలు బాగానే వచ్చు. వినపడడం ఆగాక గొంతు ఎటో పోయింది, అరుపుగా మారింది. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు ఆమె తల్లి చేత్తో ఆమె నోరు మూసేది. పదేళ్లు దాటేసరికి మూయవలసిన పని లేకపోయింది. పెళ్లి కాలేదు. అన్న ఇంట్లోనే ఉండిపోయింది. కావలసినవన్నీ చేతులతోనే చెప్పేది. చెవి కమ్మ పట్టుకుంటే దేవకి. కణత మీద వేలితో, ఆయన రోజూ పెట్టుకునే గోపీచందనం ముద్ర వేసినట్టు చూపిస్తే అన్న శ్రీపాదరావు.

ఆమె పళ్లేలు గచ్చు మీద పెట్టింది. ఆ చప్పుడుకు బల్బులు సగం దాకా వెలిగాయి. ఆమె వెనక్కి తగ్గింది. ఒక పళ్లెం ఎత్తి మళ్లీ పెట్టింది. మళ్లీ వెలిగాయి. చప్పట్లు కొట్టింది. వెలిగాయి. దేవకి నవ్వుతూ మైకు దగ్గర “అత్తా” అంది. ఆమె దేవకి పెదాలను చూసింది, బల్బులను చూసింది. తర్వాత వీధి వైపు చూసింది. ఆదివారం కాబట్టి వీధిలో ఎవరూ లేరు.

మైకు మీదికి వంగి ఆమె నోరు తెరిచింది. ఆ గొంతును దేవకి అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. బొంగురుగా, పగుళ్లు పట్టినట్టుగా వచ్చింది. ఎర్ర బల్బు దాకా అన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

రుక్మాబాయి చుట్టూ చూసింది. దేవకి వేలితో ఆమెనే చూపించింది. ఆమె గొంతు మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ అరిచింది. మళ్లీ వెలిగాయి. యేసేపు తలొంచుకుని వైరు సరిచేస్తున్నట్టు కూర్చున్నాడు.

పోయేటప్పుడు అతను పెట్టెను అక్కడే వదిలేశాడు. “బ్యాటరీలు అయిపోతే చెప్పండి” అన్నాడు.

ఆ రోజు నుంచి, మధ్యాహ్నం పనులు తీరాక రుక్మాబాయి పెట్టె ముందు కూర్చునేది. మొదట్లో అరుపులే. రానురాను వెలుగును ఒక బల్బు దగ్గర నిలబెట్టడం నేర్చుకుంది. వీధిలోకి ఆ శబ్దం పోతూనే ఉంది. ఒకసారి శ్రీపాదరావు బడి నుంచి వస్తుంటే ఎదురింటాయన ఆపాడు.

“స్వామీ, మీ ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగలేదా?”

ఆ సాయంత్రం శ్రీపాదరావు కూతురిని పిలిచాడు.

“ఆ పెట్టె రేపు కాలేజీకి తీసకపో.”

“ఎందుకు నాన్నా?”

“వీధంతా వినపడతాంది.”

“అది అత్త గొంతు నాన్నా. వినపడితే ఏమి?”

“ఆ గొంతు నాకు తెలియదనుకున్నావా? అది ముద్దుగా మాట్లాడినప్పుడు విన్నోణ్ణి నేను. తర్వాత అది నోరు తెరిస్తే వీధి పిల్లోళ్లు ఎట్ల నవ్వినారో చూసినోణ్ణి గూడా నేనే. దాని ముందర దాని మాదిరే అరిచి చూపించేటోళ్లు. అది గూడా వాళ్లతోపాటు నవ్వేది, ఆడుకుంటాండారని. నువ్వు అది చూడలేదు.”

“ఇప్పుడు అత్త చిన్నపిల్ల కాదు గదా” అంది దేవకి.

“నవ్వేటోళ్లు వాళ్లే” అన్నాడాయన.

పెట్టె మాత్రం కాలేజీకి పోలేదు. ఆయన మళ్లీ అడగలేదు. రుక్మాబాయి వీధి తలుపు మూసి కూర్చోవడం మొదలుపెట్టింది.

ప్రదర్శన రోజున దేవకి బయలుదేరేసరికి రుక్మాబాయి జరీ అంచు చీర కట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. తోడు రమ్మని ఆమెను ఎవరూ పిలవలేదు. పెట్టెను చంకలో పెట్టుకుంది. శ్రీపాదరావు చెల్లెలిని చూశాడు, కూతురిని చూశాడు.

“చీకటి పడకముందే వచ్చేయండి” అని లోపలికి వెళ్లాడు.

ఎమ్మిగనూరు హైస్కూలు గదుల్లో బెంచీలు కలిపి పరికరాలు అమర్చారు. పక్క బల్ల మీద ఇంకో జత విద్యార్థులు పెట్టిన బోర్డు ఉంది. ప్రశ్న పక్కన ఉన్న మేకుకు ఒక తీగ, సరైన జవాబు పక్కన ఉన్న మేకుకు ఇంకో తీగ తగిలిస్తే దీపం వెలుగుతుంది. దాని దగ్గర గుంపు బాగానే ఉంది. కానీ శబ్దదీపిక దగ్గర తోపులాటే అయింది. ప్రతి పిల్లవాడికీ ఎర్ర బల్బు వెలిగించాలి. అరుపులతో గది హోరెత్తింది. రుక్మాబాయి గోడకు ఆనుకుని నిలబడి చూస్తోంది.

పదకొండు దాటాక న్యాయనిర్ణేతలు వచ్చారు. వాళ్లలో పెద్దాయన మైకులో దగ్గి, బల్బులు చూసి, “ఇది శబ్ద తీవ్రత కొలిచేది. పుస్తకాల్లో ఉండేదే గదమ్మా? దీంతో ప్రయోజనం ఏమి?” అని అడిగాడు.

దేవకి ముందుగా తయారు చేసుకున్న జవాబు చెప్పబోయింది. అంతలో రుక్మాబాయి గోడ దగ్గర నుంచి వచ్చి ఆమెను పక్కకు జరిపి, మైకు దగ్గర వంగింది.

ఆ గొంతు వినగానే పిల్లలు నవ్వారు. వెనక నుంచి ఒకడు అచ్చం అలాగే అరిచాడు. మరి కొందరు అందుకున్నారు. దేవకి ముఖం ఎర్రబడింది. యేసేపు చెయ్యి స్విచ్చి మీదికి పోయి అక్కడే ఆగింది. రుక్మాబాయి అటు చూడలేదు. ఆమె కళ్లు బల్బుల మీదే ఉన్నాయి. వాళ్ల అరుపులకు ఎగిరిపడుతున్న బల్బులు కాస్త తగ్గేదాకా ఆగి, అడుగు బల్బు వెలిగించి నిలిపింది. దాని పైది. ఇంకా పైది. ఒక్కొక్కటే ఎక్కుతూ ఎర్రదాన్ని చేరింది. అక్కడి నుంచి, ఒకే ఊపిరితో, ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చింది. అడుగు బల్బు కూడా ఆరేసరికి గదిలో నవ్వులు లేవు. ఆమెను వెక్కిరించిన పిల్లవాడు ముందుకు తోసుకుని వచ్చి తానూ అలా దించబోయాడు. మధ్యలో గొంతు విరిగి బల్బులన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. పక్కవాడు వాడిని నెట్టి తాను మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఆట మారిపోయింది.

న్యాయనిర్ణేతలు ఏదో రాసుకుని ముందుకు వెళ్లారు. మొదటి బహుమతి తీగల బోర్డుకు వచ్చింది. శబ్దదీపికకు ఏమీ రాలేదు.

సామాను సర్దుతుంటే ఒక ఆడమనిషి ఆరేళ్ల పాపను చంకనెత్తుకుని గదిలోకి వచ్చింది. పేరు తిప్పమ్మ. మొగుడు సుంకన్న ఇంట్లోనే మగ్గం నేస్తాడు. బడికి పోయిన పెద్ద కొడుకు మధ్యాహ్నం అన్నానికి వచ్చి చెబితే విని పరిగెత్తుకుని వచ్చింది.

“సెవిటామె ఎవరో దీపాలు ఎలిగిచ్చిందంట, యాడుందామె?”

దేవకి రుక్మాబాయిని చూపించింది.

“మా ఉరుకుందమ్మ గూడా అట్లే పుట్టింది తల్లీ. అరుస్తాదే గానీ మాట రాదు. ఒకతూరి సూడనియ్యండి.”

యేసేపు వైర్లు మళ్లీ కలిపాడు. పాప తల్లి చీర కుచ్చిళ్లు వదలలేదు. రుక్మాబాయి నేల మీద కూర్చుని, పాప చేతిని లాగి తన గొంతు మీద పెట్టుకుని, చిన్నగా శబ్దం చేసింది. పాప బల్బులను చూసింది. ఆమె గొంతును చూసింది. రెండో చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని గట్టిగా కేక వేసింది. తిప్పమ్మ అక్కడే కూలబడి కళ్లు తుడుచుకుంది. పాప మాత్రం ఎవరినీ చూడకుండా మళ్లీ మళ్లీ వెలిగించుకుంటూ పోయింది. చీకటి పడకముందు ఆదోని చేరే ఆఖరి బస్సు తప్పిపోతుందని యేసేపే చివరికి పెట్టె ఆపాడు.

పెట్టెను తిప్పమ్మ ఇంట్లో ఉంచాలన్నది అతని మాటే. “మా అన్న సామాను తిరిగి అడగడు. నేను చెప్తాను” అన్నాడు.

తర్వాత ప్రతి శుక్రవారం రుక్మాబాయి ఎమ్మిగనూరు బస్సెక్కేది. మొదటి రెండుసార్లు దేవకి తోడు వెళ్లింది. పరీక్షలు దగ్గరపడ్డాక ఆమె ఒక్కతే వెళ్లింది. శ్రీపాదరావు ఇంట్లో కోప్పడ్డాడు.

“మగ్గాలోళ్ల ఇంట్లో ఏం తింటుంది? మడి ఏమయితుంది? ఎవరన్నా అడిగితే ఏం చెప్పాల నేను?”

“పండ్లు తీసకపోతాంది నాన్నా. వాళ్లు ఏమీ పెట్టరు, ఈమె ఏమీ తినదు. ఇద్దరికీ తెలుసు.”

“ఆడ ఏం చేస్తాంది అసలు?”

“పోయి చూడు.”

మార్చి నెలలో ఒక శుక్రవారం ఆయన నిజంగానే బయలుదేరాడు. చెల్లెలు పొద్దున బస్సులో వెళ్లింది. ఆయన మధ్యాహ్నం బస్సెక్కాడు. నేతగాళ్ల వీధిలో ఇంటింటా మగ్గాలు టకటకలాడుతున్నాయి. సుంకన్న ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చప్పుడు లేదు. పట్టపగలు మగ్గం ఆగి ఉంది. సగం నేసిన చీర అలాగే ఉంది. సుంకన్న బయట అరుగు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తిప్పమ్మ గుమ్మానికి ఆనుకుని ఉంది. ఎవరూ మాట్లాడడం లేదు.

శ్రీపాదరావు నోరు తెరవబోతే సుంకన్న లేచి దండం పెట్టి, పెదాల మీద వేలు పెట్టాడు. దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పాడు.

“కొంచేపు మాట్లాడద్దు సామీ. మగ్గం ఆడినా, మనం మాట్లాడినా ఆ దీపాలు ఎలుగుతాయి. అప్పుడు పాపకు తన గొంతు ఏదో తెలియదు. అమ్మ వచ్చినప్పుడు గంటసేపు మగ్గం ఆపుతాను.”

“నీ పని చెడదా?”

“సెడుతుంది. సీకట్లో నేసుకుంటాను.”

శ్రీపాదరావు గుమ్మంలోంచి లోపలికి చూశాడు. పెట్టెకు అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. రుక్మాబాయి పాప గడ్డం పట్టుకుని తన పెదాలు చూడమంటోంది. పెదాలు మూసి, తెరిచి, రెండు విడతలుగా గొంతు తీసింది. దీపాలు రెండుసార్లు లేచి పడ్డాయి. పాప అలాగే చేసింది. రుక్మాబాయి అన్న మాట ఏదో శ్రీపాదరావుకు మొదట అర్థం కాలేదు. గుమ్మం దగ్గరున్న తిప్పమ్మకు అర్థమైంది. పాప రెండోసారి ‘అమ్మ’ అన్నప్పుడు ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది, చప్పుడు కాకూడదని.

ఆయన చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. పాఠం అయ్యేదాకా సుంకన్న పక్కనే, మాట్లాడకుండా ఉన్నాడు. తిప్పమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, ఇవ్వాలా వద్దా అని ఆగితే, ఆయనే చెయ్యి చాపి తీసుకుని తాగాడు. సాయంత్రం అన్నాచెల్లెళ్లు ఒకే బస్సులో తిరిగి వచ్చారు. ఆ తర్వాత శుక్రవారం అరటిపండ్లు ఆయనే తెచ్చి చెల్లెలి సంచిలో పెట్టాడు.

ఆ ఎండాకాలం దేవకి డిగ్రీ పూర్తయింది. తర్వాత ఆమె బి.ఇడి చదివి హొళగుందలో టీచరుగా చేరింది. యేసేపుకు గుంతకల్లు రైల్వేలో, సిగ్నళ్ల విభాగంలో ఉద్యోగం వచ్చింది. వాళ్లిద్దరూ తర్వాత ఎప్పుడూ కలిసి ఏదీ తయారుచేయలేదు. పెట్టె రెండేళ్లు పనిచేసింది. బల్బులు కాలిపోతే దేవదాసు మార్చేవాడు. ఆంప్లిఫయరు కాలిపోయాక మాత్రం అలాంటిది మళ్లీ దొరకలేదు. అప్పటికి ఉరుకుందమ్మ పది పన్నెండు మాటలు, తెలిసినవాళ్లకు అర్థమయ్యేలా, అనగలిగేది.

1985 జూన్‌లో పాపకు కర్నూలులో చెవిటి పిల్లల బడిలో సీటు దొరికింది. తల్లిని విడిచి ఉండలేక పాప ఏడ్చింది. ఆ బడి హాస్టల్లో పిల్లలను చూసుకోవడానికి ఒక ఆడమనిషి కావాలని తెలిసి, శ్రీపాదరావే వెళ్లి మాట్లాడాడు. పోతావా అని చెల్లెలిని అడిగాడు, కణత మీద వేలు పెట్టి తనను చూపించుకుని, ఇంట్లో తాను ఒక్కడే మిగులుతానని కూడా చెప్పాడు. దేవకి అప్పటికే హొళగుందలో ఉంది, భార్య ఏనాడో పోయింది. రుక్మాబాయి చాలాసేపు ఆయన ముఖం చూసింది. తర్వాత తన చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

కర్నూలులో హాస్టలు వార్డెనమ్మ కొత్త మనిషిని చూసి పేరడిగింది. శ్రీపాదరావు చెప్పబోయాడు. రుక్మాబాయి ఆయన మోచేతి మీద చెయ్యి వేసి ఆపి, వార్డెనమ్మ వైపు తిరిగి తానే చెప్పింది.

“ఏమన్నారు?” అంది వార్డెనమ్మ.

ఆమె ఇంకోసారి చెప్పింది, ఈసారి నెమ్మదిగా.

“రుక్మనా?”

రుక్మాబాయి ఆమె పెదాలను చూసి తలూపింది. వార్డెనమ్మ పక్క గది తలుపు తీసి, పిల్లల పరుపులు ఎక్కడ పరచాలో చూపించింది. ఉరుకుందమ్మ తన ట్రంకుపెట్టెను ఈడ్చుకుంటూ వాళ్ల వెనకే లోపలికి వెళ్లింది.