నాలుగు టిక్కులు

నవనీత టీచర్ దగ్గర కథకు ఓ కొలత ఉండేది. చెప్పే వాక్యం ఒకటి, అడిగే వాక్యం ఒకటి, ఆజ్ఞాపించే వాక్యం ఒకటి, అయ్యో అనో అమ్మో అనో ఆశ్చర్యపోయే వాక్యం ఒకటి. నాలుగూ పడ్డాయంటే ఇంగ్లీషులో అది కథ. ఒక్కో రకానికి ఒక్కో ఎర్ర టిక్కు, ఒక్కో టిక్కుకు ఒక్కో మార్కు, చేతిరాతకు ఇంకో మార్కు. మొత్తం అయిదు. ఇంతకన్నా తేలిగ్గా ఎవరైనా చెప్పగలరేమో రమ్మనండి!

ఆవిడను తప్పుపట్టడానికి లేదు. అయిజ అవతల ఓ ఊరి బడికి గద్వాల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేది. తొమ్మిదో తరగతిలో నలభై ఒక్కమంది. వాళ్ళలో సగంమందికి ఇంగ్లీషంటే చలిజ్వరం. పరీక్షలో కథ రాయమంటే గైడులో ఉన్న వరద కథను బట్టీపట్టి, అందరూ అదే వరదలో కొట్టుకుపోయేవాళ్ళు. అందుకే ఈసారి ఆవిడ కొత్త షరతు పెట్టింది.

"మీ చుట్టుపక్కల జరిగేదే రాయండి. కానీ నేను, నేను అని రాయొద్దు. ఓ పేరు పెట్టుకొని, ఆమెకు గిట్లయింది, గట్లయింది అని రాయండి. అప్పుడే అది కథ అయితది."

ఈ మాట విని తలెత్తిన పిల్ల జములమ్మ. మనిషి సన్నగా, పుల్లలా ఉంటుంది. తండ్రి తిమ్మప్ప రెండెకరాల్లో విత్తనాల కంపెనీ కోసం సీడు పత్తి వేశాడు. ఆ చేలో సాయంత్రం మొగ్గలు గిల్లాలి, పొద్దున మగపువ్వు తెచ్చి వాటికి రుద్దాలి. క్రాసింగు అంటారు దాన్ని. దానికి చిన్న వేళ్ళే కావాలంటారు, చిన్న వేళ్ళేమో బడిలో ఉంటాయి. అందుకే క్రాసింగు సాగే రెండు నెలలూ తరగతిలో బెంచీలు ఖాళీ. జములమ్మ మాత్రం ఎట్లాగో చేను పని ముగించుకొని, రెండో పీరియడుకైనా సరే పరుగున వచ్చేది.

ఆ వారమంతా ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చున్నీ కొంగుతో అద్దుకుంటూనే ఉంది. నవనీత చూడకపోలేదు, చూసింది. ఊళ్ళో కండ్లకలక తిరుగుతోందని ముందే విని ఉంది కనుక, "మిగతోళ్ళకు అంటుకుంటది, జర ఎనక బెంచీల కూసో జములూ," అంది. జములమ్మ పుస్తకాల సంచి పట్టుకొని వెనక్కి పోయింది.

మర్నాడే పరీక్ష పెట్టి, ఆదివారం ఇంట్లో కాయితాలు దిద్దటానికి కూచుంది నవనీత. ఇరవై కాయితాలదాకా చదివింది. ఆ తరవాత చదవలేదు, వెతికింది. ప్రశ్నార్థకం ఉందా, టిక్కు. ఆశ్చర్యార్థకం ఉందా, టిక్కు. కందిపప్పులో రాళ్ళేరినట్టు చూపు గుర్తులమీదే పోతోంది. ముప్ఫైమూడో కాయితం జములమ్మది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆ పిల్ల రాసింది ఇదీ:

రాణి అని ఒక పిల్ల ఉంది. ఆమె పత్తిచేనులో పని చేస్తుంది, బడికి కూడా వస్తుంది. ఒకరోజు పక్క చేనులో మందు కొట్టారు. గాలికి ఆ మందు వచ్చి రాణి కళ్ళలో పడింది. అబ్బా, ఎంత మంట! తాత కళ్ళలో ఆకు పసరు పోశాడు. మంట ఎక్కువైంది. ఎవరికీ చెప్పకు, అన్నాడు నాన్న. చెబితే చిన్నపిల్లతో పని చేయించారని కంపెనీవాళ్ళు చేను రద్దు చేస్తారు. రాణికి బోర్డు కనిపించడం లేదు. రాణిని దవాఖానకు ఎవరు తీసుకుపోతారు?

నవనీత నాలుగు టిక్కులూ పెట్టింది. నాలుగు రకాలూ చక్కగా కుదిరాయని ముచ్చటపడింది కూడా. కానీ అక్షరాలు గీతలు దాటి పైకీ కిందికీ పోయాయి, ఒకచోట రెండు వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అర మార్కు కోసి, చివరి ప్రశ్న కిందే ఎర్ర సిరాతో ఓ ముక్క రాసింది. తరవాత ముప్ఫైనాలుగో కాయితం తీసుకుంది.

సోమవారం తరగతిలో కాయితాలు పంచుతూ, "నాలుగున్నర! అందరి కంటే ఎక్కువ జములమ్మకే. చప్పట్లు కొట్టండి," అంది. కొట్టారు. జములమ్మ తడుముకుంటూ ముందుకొచ్చి కాయితం అందుకొని, ముక్కుకు ఆనించుకొని చూసింది.

"మేడం, అడుగున ఎర్రగ ఏదో రాసిండ్రు..."

"అవును, నీకోసమే రాసిన. ఇంటికి పోయి నిమ్మళంగ చదువుకో," అంది నవనీత. బెల్లు కొట్టారు, అవతల పదో తరగతి కాచుకొని ఉంది.

ఆ పిల్ల మొహం ఒక్కసారి విప్పారింది. మార్కులకే అంత సంబరమా అనుకుంటూ నవనీత వెళ్ళిపోయింది.

ఆ తరవాత జములమ్మ బడికి రాలేదు. క్రాసింగు ముమ్మరంగా ఉందేమో అనుకుంది టీచర్. దసరా సెలవులు వచ్చాయి, పోయాయి. బడి తెరిచిన రోజు హాజరు పిలుస్తుంటే, వాళ్ళింటి పక్కనుండే అఖిల లేచి నిలబడింది.

"జములమ్మ ఇగ రాదు మేడం. కండ్లు పోయినయి. మొన్న కర్నూలు దవాఖానకు కొంటవోయి వచ్చిండ్రు."

నవనీత చేతిలో పెన్ను ఆగిపోయింది. కండ్లు అన్న మాటతో రాణి గుర్తొచ్చింది. పత్తిచేను, పక్క చేను, గాలి, ఆకు పసరు, ఎవరు తీసుకుపోతారు అన్న ప్రశ్న, దాని పక్కన తను ముచ్చటగా పెట్టిన టిక్కు. అన్నీ వరసగా గుర్తొచ్చాయి. నలభై ఒక్కమందిలో ఒక్క పిల్ల నిజంగా కథ రాస్తే, నేను దిద్దానే గాని చదవలేదు కదా అని ఏడుపొచ్చింది. పిల్లల ముందు ఏడవలేక హాజరు పట్టీ మూసేసింది.

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళింది. తిమ్మప్ప చేలో ఉన్నాడు. తల్లి నర్సమ్మ నులకమంచం వాల్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక కన్ను మొత్తమే పోయింది మేడం. రెండోది మసక మసకగ అవుపడ్తదంట. పసరు పోసుడు తప్పు, ఇరవై దినాల కింద తెస్తే రెండూ నిలబడుతుండె అన్నడు డాక్టరు. మాకేం తెల్సు? మంట తగ్గుతది తగ్గుతది అనుకుంటనే ఉంటిమి."

ఇరవై దినాలు. నవనీతకు లెక్క వేసుకోనక్కర్లేకపోయింది. అప్పటికి చప్పట్లు కొట్టించి రెండు రోజులు కూడా కాలేదు.

జములమ్మ వాకిట్లో అరుగు మీద గోడకానుకొని కూచుని ఉంది. ఒక కంటికి గుడ్డకట్టు. గొంతు గుర్తుపట్టి గబగబా లేవబోయింది.

"మేడం, వచ్చిండ్రా! నాకు తెల్సు, మీరు వస్తరని." గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండు అనిపించింది నవనీతకు. "కాయితం ఇచ్చినప్పటి సంది ఈడనే కూసుంటున్న. ఎవలకీ చెప్పకన్నడు నాయిన. నేను చెప్పలే, రాసిన. మీకు అర్థమయితదనుకున్న."

నవనీత ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

జములమ్మ పక్కనున్న కంపాసు పెట్టె తెరిచి, లోపలినుంచి నాలుగు మడతల కాయితం తీసింది. మడతల దగ్గర అరిగిపోయి ఉంది.

"నేను అడిగినదానికి కిందనే జవాబు రాసిండ్రు గద మేడం. ఎర్రగ కనవడుతుండె గాని అక్షరాలు దొరకలె. మా ఇంట్ల ఎవలకీ ఇంగ్లీషు రాదు. అఖిలను చదవమంటే ముచ్చట బయటవడ్తదని భయమయింది. గట్లనే దాసిపెట్టుకున్న. జర చదవుండ్రి, ఏం రాసిండ్రో."

నవనీత కాయితం విప్పింది. అబద్ధం చెప్పాలనిపించింది. రేపే మనిద్దరం దవాఖానకు పోదాం అని రాశానమ్మా అంటే, ఈ పిల్ల నమ్ముతుంది. కానీ అట్లా రాసిన టీచరు ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగితే?

"'గీత మీద రాయి,'" అని చదివింది.

జములమ్మ ఇంకా ఏదో ఉంటుందని కాసేపు చెవి ఒగ్గి ఉంది.

"గంతేనా మేడం?"

"గంతే బిడ్డా," అంది నవనీత.